పాలియేటివ్ కేర్ వార్డుకు వేశారు, ఏ కోర్సు చేయాలి?

మీరు అడిగింది ఇదీ: జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఏరియా ఆసుపత్రి జనరల్ వార్డులో పనిచేస్తున్నారు. ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలోని పాలియేటివ్ కేర్ సెంటర్‌కు, అంటే నయం కాని జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించే చోటుకు, వేశారు. ఆన్‌లైన్ సర్టిఫికెట్ చాలా, ఎక్కడికైనా వెళ్లి నేర్చుకోవాలా, అసలు ఈ పనిలో నర్సుకు ముందుదారి ఉందా అన్నారు. నేను తెలంగాణలో ఇదే పనిలో ఉన్న నర్సునే. వార్డులో చేశాను, ఆలన అనే ప్రభుత్వ పాలియేటివ్ సేవ బండిలో ఊళ్లు తిరిగి ఇంటి దగ్గర చూసే పనీ చేశాను. నాకు తెలిసినంత మేర చెప్తాను.

ఆన్‌లైన్ ఒక్కటే చాలదు. అనుభవమున్న నర్సు వెనక నిలబడి, రోగి మంచం దగ్గర చూసి నేర్చుకునే రోజులు ఏ కోర్సులో ఉంటే ముందు అది చేయండి. అదీ మన భాష మాట్లాడే రోగులున్న చోట చేయండి. మందులు, డోసులు పుస్తకంలో దొరుకుతాయి. "మా నాయినకు చెప్పకండి సిస్టర్" అని కొడుకు చెయ్యి పట్టుకున్నప్పుడు ఏమనాలో ఏ పీడీఎఫ్‌లోనూ దొరకదు.

కోర్సుల సంగతి. తిరువనంతపురంలోని పాలియం ఇండియా నర్సుల కోసం ఆరు వారాల బేసిక్ సర్టిఫికెట్ కోర్సు నడుపుతుంది. 2003లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ మొదలుపెట్టిన సంస్థ అది. పాఠం చెప్పే తీరు, వార్డులో నేర్పే తీరు రెండూ బాగుంటాయి. కాకపోతే అక్కడ రోగులతో మాట్లాడేది మలయాళంలో. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ వాళ్ల ఎనిమిది వారాల ఎసెన్షియల్స్ కోర్సు డాక్టర్లకూ నర్సులకూ ఉంది. చదువు ఇంటి దగ్గరే, మధ్యలో క్లాసులు, చివర పరీక్ష. డ్యూటీ వదలకుండా చేయొచ్చు కాబట్టి మనవాళ్లు చాలామంది దీనికే వెళ్తారు. ఈ రెండింట్లో ఏది చేసినా సరే, హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగంలో కొన్నాళ్లు ఉండి రండి. ఆదిలాబాద్ నుంచి వచ్చినవాళ్లు, పాలమూరు వాళ్లు, పాతబస్తీ ఉర్దూవాళ్లు, రాయలసీమ వాళ్లు అందరూ ఒకే వార్డులో కనిపిస్తారు. నొప్పిని ఎవరు ఏ మాటతో చెప్తారో అక్కడ చెవికి పడుతుంది. ఆంధ్రావైపు ఉన్నవాళ్లకు విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరవుతుంది. ఇంట్లో ఉంచుకోలేని రోగులను హాస్పీస్‌లో (చివరి రోజుల్లో ఉంచి చూసుకునే చోట) ఎలా చూస్తారో తెలియాలంటే హైదరాబాద్‌లోని స్పర్శ్‌ను ఒకసారి అడిగి చూసి రండి.

కోర్సులో ఏది గట్టిగా పట్టుకోవాలంటే, నా లెక్కలో మొదటిది నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్, బలమైన నొప్పి మందు. జనరల్ వార్డులో మనం దాన్ని ముట్టుకోం. ఇంజెక్షన్ రూపంలో ఎప్పుడో ఆపరేషన్ తర్వాత చూసి ఉంటాం, అంతే. అందుకే భయం. ఆ భయం మన దగ్గర నుంచి రోగి ఇంట్లోవాళ్లకు ఎక్కుతుంది. "గా గోళీ ఏస్తే మనిషి లేవడట గదా" అని ఊళ్లో ఎవరో ఒకరు అంటారు. మీ ముఖంలో కాస్త తడబాటు కనిపించినా ఆ మాత్ర డబ్బాలోనే ఉండిపోతుంది.

మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది నాలుగు గంటలు. కాబట్టి నొప్పి వచ్చాక వేసుకునే మందు కాదది, గడియారం చూసి వేసుకోవాలి. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. రాత్రి డోసు రెట్టింపు ఇస్తారు, రాత్రి రెండు గంటలకు లేపాల్సిన పని తప్పుతుంది. గడియారం చూడటం రాని ఇంట్లో అన్నం, టీ, టీవీ సీరియల్ వేళలతో ముడిపెట్టి చెప్తాను. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వేసే అదనపు డోసు రోజు మొత్తంలో ఆరో వంతు. అది ఎన్నిసార్లు వాడారో కాగితం మీద గీతలు గీయమనండి, తర్వాతి విజిట్‌లో డాక్టరు డోసు మార్చేది ఆ గీతలు చూసే. డోసు డాక్టరే నిర్ణయిస్తారు. ఆ నిర్ణయానికి సమాచారం మోసుకొచ్చేది మాత్రం మనమే.

మార్ఫిన్ రాసిన రోజే విరేచనం సాఫీగా అవడానికి మందు కూడా రాశారో లేదో చూడండి. రాయకపోతే అడగండి. వాంతులూ మత్తూ మొదటి కొన్ని రోజుల్లో తగ్గుతాయి, మలబద్ధకం తగ్గదు. ఐదారు రోజులు విరేచనం కాక కడుపు ఉబ్బితే మనిషి నొప్పికంటే దానికే హడలిపోయి మాత్ర మానేస్తాడు. ఇంకొకటి, నొప్పి తగ్గిన మొదటి రెండు మూడు రోజులు రోగి బాగా నిద్రపోతాడు. వారాల తరబడి పోయిన నిద్ర అది. అది నిద్రేనా, మందు ఎక్కువైందా అని తెలియాలంటే పిలిస్తే లేచి మాట్లాడుతున్నాడా, ఊపిరి సమంగా ఉందా, కంటిపాపలు సూదిమొనలా అయ్యాయా అన్నది చూడటం కోర్సులో చేయించుకునే నేర్చుకోవాలి. కిడ్నీలు దెబ్బతిన్న వాళ్ల దగ్గరా ముసలివాళ్ల దగ్గరా రెండింతల జాగ్రత్త కావాలి.

చట్టం కూడా తెలియాలి, రిజిస్టరు రాసేది మనమే కనుక. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కింద ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు లైసెన్సులు ఉండేవి. అవన్నీ తెచ్చుకోలేక ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానుకున్నాయి. 2014 సవరణతో మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ అనే ఆరు మందులను అత్యావశ్యక మత్తుమందులుగా వేరు చేసి దేశమంతటికీ ఒకే నియమం తెచ్చారు. గుర్తింపు పొందిన వైద్యసంస్థ అయ్యుండాలి, శిక్షణ ఉన్న డాక్టరు ఉండాలి, లెక్క సరిగ్గా ఉండాలి. రోగి పోయాక ఇంట్లో మిగిలిన మాత్రలు వెనక్కి తెచ్చి లెక్కలో చూపడం కూడా మన పనే.

నొప్పిని కొలవడం దగ్గర పుస్తకం ఒకటి చెప్తుంది, మనవాళ్లు ఇంకోటి చెప్తారు. సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమంటే "ఏమో బిడ్డా" అంటారు. అదే "రూపాయిలో ఎంత తగ్గింది పెద్దమ్మా?" అనండి, "బారాణా తగ్గింది, చారాణా ఉంది" అని టక్కున చెప్తుంది. కేస్‌షీట్‌లో అంకె రాసుకోవడం మీ పని, ఆమెది కాదు. శిక్షణ తెలుగు వార్డులో తీసుకోమని పట్టుబట్టేది ఇలాంటి వాటి కోసమే.

పుండ్ల విషయంలో ఎక్కువ చెప్పను, చేతులతో నేర్చుకోవాల్సింది అది. నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ పుండ్ల వాసన వల్లే చాలా ఇళ్లలో మనిషిని వెనక గదిలో పడేస్తారు. మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా పొడిచేసి పుండు మీద చల్లితే వాసన చాలావరకు తగ్గుతుంది. వాసన తగ్గిన ఇంట్లో మనవలు మళ్లీ మంచం మీద వచ్చి కూర్చోవడం నేను చూశాను. గాజుగుడ్డ కొనలేనివాళ్లకు ఉతికిన పాత నూలు చీర ముక్కలు ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి పట్టించి వాడటం నేర్పండి. అర లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లకు ఒక చిన్న చెంచా ఉప్పు కలిపితే కడగడానికి సరిపోతుంది. లింఫ్ వాపుకు (లింఫ్ ద్రవం నిలిచి చెయ్యో కాలో ఉబ్బడం) కట్టు కట్టడం, స్టోమా (మలం బయటికి రావడానికి పొట్ట మీద చేసిన దారి) బ్యాగు మార్చడం, చర్మం కింద సన్న సూది పెట్టి మందు ఇవ్వడం, ఈ మూడూ శిక్షణలో మీ చేత్తో చేసేదాకా అక్కడి నుంచి కదలకండి.

ఇక మాట. మన దగ్గర అసలు కష్టం ఇక్కడే ఉంది. చెడ్డవార్త చెప్పడానికి స్పైక్స్ అని ఆరు మెట్ల పద్ధతి ప్రతి కోర్సులోనూ నేర్పుతారు: చోటు చూసుకోవడం, రోగికి ఏం తెలుసో అడగడం, ఎంత తెలుసుకోవాలనుకుంటున్నాడో అడగడం, చెప్పడం, వచ్చిన దుఃఖాన్ని పట్టించుకోవడం, ఇక ఏం చేద్దామో మాట్లాడుకోవడం. మంచి పద్ధతే. కానీ అందులో కనబడేది రోగి ఒక్కడే. మన ఇళ్లలో రోగి దగ్గరికి వెళ్లేలోపు కొడుకు, అల్లుడు, బావమరిది గుమ్మం దగ్గర ఆపుతారు. "పుండు అని చెప్పాం, క్యాన్సర్ అని అనకండి, గుండె ఆగిపోతది" అంటారు.

అక్కడ కొడుకుతో వాదించొద్దు. అలాగని రోగికి అబద్ధం చెప్తానని మాట ఇవ్వొద్దు. "నేనుగా ఏమీ చెప్పను. ఆయనే అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను. తెలిస్తే ఏమవుతుందని మీ భయం?" అని అడగండి. ఆ చివరి ప్రశ్నకు వాళ్లు చెప్పే జవాబు వినడానికి టైమ్ ఇవ్వండి. చాలాసార్లు ఆ కొడుకే ఏడుస్తాడు. అతనూ ఆ రోజు మన రోగే.

నోటి క్యాన్సర్ ఉన్న ఒక రైతు దగ్గరికి వెళ్లేదాన్ని. ఇంట్లో అందరూ పంటి పుండు అనే చెప్పారు. డ్రెస్సింగ్ చేస్తుంటే కొడుకు బయటికి వెళ్లాడు. "మీ జబ్బు గురించి మీకేమనిపిస్తోంది తాతా?" అన్నాను. ఆయన పలక మీద రాసి చూపించాడు, అప్పటికి మాట సరిగా రావట్లేదు. "చిన్నోడి పేరు మీద ఎకరం రాయాలె. వీళ్లు నన్ను ఆఫీసుకు తీస్కపోతలేరు." ఆయనకు అంతా తెలుసు. చెప్తే ఇంట్లోవాళ్లు తట్టుకోలేరని ఆయన దాస్తున్నాడు, ఆయన తట్టుకోలేడని వాళ్లు దాస్తున్నారు. ఆయన్ని అడిగి, ఒప్పుకున్నాకే ఆ పలక కొడుకు చేతికి ఇచ్చాను. ఆ వారమే ఆటో మాట్లాడి రిజిస్ట్రేషన్ పూర్తి చేశారు.

"ఇంకా ఎన్నాళ్లు సిస్టరమ్మా?" అనే ప్రశ్నకు తేదీ చెప్పకూడదు, "దేవుడి దయ" అని తప్పించుకోనూ కూడదు. డాక్టరుతో ముందే మాట్లాడుకుని ఉండండి. నెలలా, వారాలా, రోజులా అన్న లెక్కలో చెప్పడం నేర్చుకోండి. దుబాయ్‌లో ఉన్న కొడుకు టికెట్ ఎప్పుడు కొనాలో దాన్నిబట్టే తేల్చుకుంటారు. ఐసీయూ వద్దు, ఇంటికి తీసుకెళ్తాం అనే కుటుంబాలు కూడా వస్తాయి. ముందస్తు వైద్య నిర్దేశాల (స్పృహ లేనప్పుడు తనకు ఏ వైద్యం వద్దో మనిషి ముందే రాసిపెట్టడం) మీద 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేస్తూ చేసిన మార్పులు ఎవరితోనైనా చెప్పించుకుని తెలుసుకుని ఉండండి. సలహా ఇవ్వడానికి కాదు, అడిగినప్పుడు సరైన డాక్టరు దగ్గరికి పంపడానికి.

ఇవన్నీ ఒక్క కోర్సుతో రావు. కోర్సు అయ్యాక మిమ్మల్ని నిలబెట్టేది కేసుల చర్చ. ఎకో పద్ధతిలో పాలియం ఇండియా నడిపే ఆన్‌లైన్ సెషన్లు ఉంటాయి, ఎవరో ఒకరు తమ కేసు చెప్తారు, అనుభవమున్నవాళ్లు దారి చూపిస్తారు. ఆన్‌లైన్‌కు అసలు విలువ ఇక్కడుంది. మీ సెంటర్‌లో కూడా వారానికి ఒక గంట డాక్టరు, నర్సులు, ఫిజియోథెరపిస్టు, డ్రైవరుతో సహా కూర్చుని ఆ వారం పోయిన రోగుల గురించి మాట్లాడుకోండి. డ్రైవరును వదలొద్దు. మనం లోపల డ్రెస్సింగ్ చేస్తున్నప్పుడు బయట అరుగు మీద ఆడవాళ్లు ఏమనుకుంటున్నారో ఆయనకే తెలుస్తుంది. పెద్దకర్మ అయ్యాక ఆ ఇంటికి ఒకసారి వెళ్లి రావడం కూడా పనిలో భాగంగా పెట్టుకోండి. వాళ్లకే కాదు, వెళ్లిన మనకూ నిద్ర పడుతుంది. ఈ రెండూ లేని చోట మంచి నర్సులు ఏడాది తిరగకుండానే బదిలీ పెట్టుకుని వెళ్లిపోవడం చూశాను.

ముందుదారి సంగతికొస్తే, డాక్టర్లకు ఉన్నంత స్పష్టమైన మెట్లు మనకు లేవు. వాళ్లకు పాలియేటివ్ మెడిసిన్‌లో ఎండీకి 2010లో గుర్తింపు వచ్చింది, 2012లో టాటా మెమోరియల్‌లో మొదలైంది. మనకు ఎక్కువగా సర్టిఫికెట్లే. పైగా శిక్షణ తీసుకున్న నర్సును కొన్ని నెలలకే క్యాజువాలిటీకి మార్చేసే అలవాటు చాలా చోట్ల ఉంది. నాకు కోపం తెప్పించే విషయం ఇదే, ఎందుకంటే ఆమె స్థానంలో కొత్తగా వచ్చిన అమ్మాయి మార్ఫిన్ భయంతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అయినా పని పెరుగుతోంది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో ఇవ్వాల్సిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణతో పాటు పాలియేటివ్ కేర్ కూడా ఉంది. అంటే సబ్‌సెంటర్‌లోని ఆరోగ్య అధికారులకూ ఆశాలకూ నేర్పేవాళ్లు కావాలి, తెలుగులో నేర్పేవాళ్లు కావాలి. రెండు మూడేళ్లు పనిచేశాక మీరు వెళ్లగలిగింది అక్కడికి. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టొఫర్స్ హాస్పీస్ తెరిచిన సిసిలీ సాండర్స్ కూడా మొదట నర్సే. ఒంటి నొప్పి, మనసు నొప్పి, ఇంటి బాధ, దేవుడి మీద కోపం అన్నీ కలిసిందే నొప్పి అని ఈ రంగానికి నేర్పింది ఆవిడే.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. వెళ్లకముందే సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి: డ్యూటీ మీద శిక్షణకు పంపమని, తిరిగొచ్చాక కనీసం రెండేళ్లు ఇదే సెంటర్‌లో ఉంచమని. కాపీ మీద ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. కోర్సు అయ్యాక సర్టిఫికెట్‌ను సర్వీస్ రిజిస్టర్‌లో నమోదు చేయించండి, కాంట్రాక్టు ఉద్యోగమైతే జిల్లా ప్రోగ్రాం ఆఫీసులో మీ ఫైల్లో పెట్టించండి. కోర్సుకు వెళ్లేలోపు ఖాళీ దొరికితే మీ సెంటర్ పాత నర్సుతో ఇంటి విజిట్లకు వెళ్లి, అర్థం కాని ప్రతిదీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ ప్రశ్నలతో క్లాసులో కూర్చుంటే ఆరు వారాల్లో వచ్చేది వేరుగా ఉంటుంది. మార్ఫిన్ రిజిస్టరు రాయడంలోనో, ఇంటివాళ్లతో మాట్లాడటంలోనో ఎక్కడైనా చిక్కు వస్తే ఇక్కడే కింద అడగండి, రోగి పేరూ ఊరూ రాయకుండా.