చెయిన్‌కి ఆయిల్ వేయలేదని నష్టపరిహారం ఎగ్గొట్టొచ్చా?

ప్రశ్న: ఇంట్లో వ్యాయామానికని ఆన్‌లైన్‌లో రోయింగ్ మెషీన్ కొన్నాను. చెయిన్ లాగితే ఫ్యాన్ తిరిగే రకం. అమ్మిన సంస్థ పంపిన టెక్నీషియనే వచ్చి బిగించి వెళ్లాడు. రోజూ అరగంట చొప్పున ఐదు నెలలు వాడాను. ఒకరోజు గట్టిగా వెనక్కి లాగినప్పుడు పాదం పట్టీలోంచి జారింది, సీటు రెయిల్ చివరిదాకా వెళ్లి ఊడిపోయింది. వెల్లకిలా పడ్డాను, మణికట్టు ఎముక విరిగింది. తర్వాత చూస్తే రెయిల్ చివర సీటును ఆపే స్టాపర్ లేనే లేదు. అదీ, దాని బోల్టులూ మెషీన్‌తో వచ్చిన ప్లాస్టిక్ కవర్లోనే ఉండిపోయాయి. సంస్థను అడిగితే బాధ్యత లేదంటోంది. చెయిన్‌కి ఆయిల్ వేయలేదనీ, వారంటీ రిజిస్టర్ చేయలేదనీ, మా వారి బరువు మెషీన్ పరిమితి కన్నా ఎక్కువనీ, నా స్నేహితురాళ్లిద్దరు కూడా వచ్చి చేస్తారు కాబట్టి అది కమర్షియల్ వాడకమనీ చెబుతోంది. బిగించినతను వేరే ఏజెన్సీ మనిషట. గొడవేదైనా ఆర్బిట్రేషన్‌లోనే, అంటే కోర్టుకు బదులు మధ్యవర్తి ముందే, తేల్చుకోవాలట. ఇదిలా ఉంటే కింది ఫ్లాట్ వాళ్లు మెషీన్ చప్పుడు మీద కేసు పెడతామంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: ముందు ఒక మాట. ఆ కవర్లోని బోల్టులు తీసి స్టాపర్ బిగించేయాలని మీకు అనిపించి ఉంటుంది. ఆ పని చేయకండి. మీ కేసుకు ప్రాణం ఆ కవరే. మెషీన్‌ని పడ్డప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచి, ఎవరూ ఎక్కకుండా పక్కన పెట్టండి. రెయిల్ చివర ఖాళీగా ఉన్న బోల్టు రంధ్రాలు, కవరు, మెషీన్ సీరియల్ నంబరు అన్నీ ఒకే వీడియోలో వచ్చేలా తీయండి. ‘చూసి బాగుచేస్తాం, పంపండి’ అని సంస్థ అడిగితే, ఏ స్థితిలో ఇస్తున్నారో రాసి సంతకం పెట్టిన రసీదు లేకుండా ఇవ్వొద్దు. ఇలాంటి కేసుల్లో చాలామంది చేతులారా సాక్ష్యం పోగొట్టుకునేది ఈ దశలోనే. రిపేరై తిరిగొచ్చిన మెషీన్ వినియోగదారుల కమిషన్ ముందు ఏమీ చెప్పలేదు.

మీకు ఇక్కడ రెండు వేర్వేరు హక్కులున్నాయి. సంస్థ వాళ్లు కావాలనో తెలియకో వాటిని కలిపేస్తున్నారు. ఒకటి వారంటీ: అది వస్తువుకు సంబంధించింది, వాళ్లు రాసిన షరతులతో నడుస్తుంది. రెండోది మీ చేయి విరిగినందుకు వచ్చే పరిహారం. అది వారంటీ కార్డులోంచి పుట్టదు, చట్టంలోంచి పుడుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో 82 నుంచి 87 దాకా ఉన్న సెక్షన్లు ఉత్పత్తి బాధ్యత గురించే. వస్తువు వల్ల మనిషికి గాయమైతే తయారీదారు ఎప్పుడు బాధ్యుడు, అమ్మినవారు ఎప్పుడు బాధ్యులు అన్నది అక్కడే ఉంది. కాబట్టి వారంటీ రిజిస్టర్ చేయకపోతే గాయానికి పరిహారం పోతుందన్న వాదన నిలబడదు. మెషీన్ మార్చి ఇవ్వడం లేదా డబ్బు వాపసు ఇవ్వడం వరకూ వాళ్లు ఆ షరతును పట్టుకు వేలాడవచ్చు. అక్కడ కూడా కొన్న తేదీకి ఇన్‌వాయిస్ చాలు కదా అని మీరు వాదించవచ్చు.

‘బిగించినతను మా మనిషి కాదు’ అన్న మాట ఇంకా బలహీనమైనది. ఈ చట్టంలో ‘ఉత్పత్తి విక్రేత’ నిర్వచనం చాలా విశాలం. దిగుమతి చేసేవారు, పంపిణీ చేసేవారు, బిగించేవారు, మరమ్మతు చేసేవారు అందరూ అందులోకి వస్తారు. సెక్షన్ 86 ప్రకారం వస్తువును బిగించడంలో, తనిఖీ చేయడంలో తగిన జాగ్రత్త తీసుకోని విక్రేత గాయానికి బాధ్యుడు. మీ సంగతి సరిగ్గా అదే. ఏజెన్సీకీ సంస్థకూ మధ్య ఒప్పందం ఏదైనా ఉంటే అది వాళ్ల లెక్క, వాళ్లు వాళ్లు తేల్చుకుంటారు. మీరు మాత్రం ఫిర్యాదులో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ప్యాకింగ్ మీద పేరున్న తయారీదారునో దిగుమతిదారునో కూడా చేర్చండి. విదేశీ తయారీదారుకు నోటీసు అందించడం కుదరకపోతే అదే సెక్షన్ ఆ బాధ్యతను ఇక్కడి విక్రేత మీద పెడుతుంది.

ఇక ఆయిల్ సంగతి. ఈ ఒక్క సాకు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే వ్యాయామ యంత్రాల వివాదాల్లో పదేపదే ఎదురయ్యేది ఇదే. చెయిన్‌తో నడిచే రోయింగ్ మెషీన్లకు ఆయిల్ అవసరమన్నది నిజం. కాన్సెప్ట్‌2 లాంటి తయారీదారులు 50 గంటల వాడకానికి ఒకసారి వేయమంటారు. రోజూ అరగంట చొప్పున ఐదు నెలలంటే సుమారు 75 గంటలు. మీ మాన్యువల్‌లోనూ అలాంటి గడువే ఉంటే ఒకసారి తప్పారన్నమాట. అది ఒప్పేసుకోండి. దాచాల్సిన పని లేదు, ఎందుకంటే ఆయిల్ లేని చెయిన్ గరగరలాడుతుంది, తుప్పు పడుతుంది, మరీ అశ్రద్ధ చేస్తే తెగుతుంది. సీటును మాత్రం రెయిల్ మీంచి తోసెయ్యదు. చెయిన్ ఉండేది ముందు ఫ్యాన్ వైపు, సీటు ఊడింది వెనక. ప్రమాదానికీ వాళ్లు చూపుతున్న లోపానికీ కార్యకారణ సంబంధం ఉందా లేదా అన్నదే ప్రశ్న. మీ లాయరు వాదనలో సగం ఇక్కడే ఉండాలి.

అయితే సంస్థ తరఫున నేనుంటే ఆయిల్ జోలికి పోను. రెండు ప్రశ్నలు వేస్తాను, వాటికి మీరు ముందే సిద్ధపడాలి. మొదటిది: స్టాపర్ లేకుండానే ఐదు నెలలు సవ్యంగా ఎలా నడిచింది? దీనికి జవాబు మెషీన్ పనిచేసే తీరులోనే ఉంది. కాళ్లు పూర్తిగా చాపితే సీటు ఆగుతుంది, పాదాలు పట్టీల్లో ఉన్నంతసేపూ అవే శరీరాన్ని పట్టి ఉంచుతాయి. మామూలు పొడుగున్న మనిషి రోజువారీ వ్యాయామంలో రెయిల్ చివరిదాకా వెళ్లడు. పాదం జారిన క్షణంలోనే శరీరం ఆ వేగంతో వెనక్కి దూసుకుపోతుంది. స్టాపర్ అవసరమయ్యేది ఆ క్షణానికే. రెండో ప్రశ్న: పట్టీ వదులుగా కట్టుకున్నది మీరే కదా, అది దుర్వినియోగం కాదా? ఇది కొంచెం పదునైన ప్రశ్న, ఎందుకంటే సెక్షన్ 87 ప్రకారం గాయమైన సమయంలో వస్తువును దుర్వినియోగం చేసినా, మార్చినా విక్రేత మీద ఈ దావా నిలవదు. కానీ పాదం పట్టీలోంచి జారడం ఆ మెషీన్ మీద ఎవరికైనా జరగగలిగేదే. జరుగుతుందని తెలుసు కాబట్టే తయారీదారు స్టాపర్ ఇచ్చాడు. మాన్యువల్ తిరగేయండి. స్టాపర్ బిగించకుండా వాడొద్దని హెచ్చరిక ఉంటే బిగించినవాడి తప్పు మరింత స్పష్టమవుతుంది. అలాంటి హెచ్చరికే లేకపోతే, సరిగా వాడే సూచనలూ హెచ్చరికలూ ఇవ్వనందుకు సెక్షన్ 84 కింద తయారీదారూ ఇరుక్కుంటాడు. ఏ దారిన పోయినా ఎవరో ఒకరు మీకు జవాబు చెప్పాల్సిందే.

మీ వారి బరువు ఈ కేసులోకి రాదు. గాయమైన సమయంలో మెషీన్ మీద ఉన్నది మీరు. ఆయన వాడటం వల్ల రెయిల్ వంగిందనో చక్రాలు అరిగాయనో నిపుణుడు తేలిస్తే తప్ప అది గాలిమాటే. అయినా ఇకమీదట ఆ పరిమితి దాటనివ్వకండి. రేపు ఫ్రేముకు ఏదైనా అయితే ఆ సాకు నిజంగా పనికొస్తుంది. నిలువుగా నిలబెట్టడానికో సర్దడానికో మెషీన్‌ని విడదీసే అలవాటు మీకుంటే, ‘మీరే స్టాపర్ తీసి ఉంటారు’ అని కూడా అనవచ్చు. ప్యాకింగ్ కవరు చింపకుండా ఉందా, ఇన్‌స్టలేషన్ రోజు తీసిన ఫొటోలు ఫోన్‌లో ఏవైనా ఉన్నాయా చూసుకోండి. కొత్త మెషీన్ పక్కన నిలబడి తీసుకున్న ఫొటోలో రెయిల్ చివర కనిపించినా చాలు.

కమర్షియల్ వాడకం అన్నది పెద్ద మాట. స్నేహితురాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటున్నారా? తీసుకోకపోతే అందులో వ్యాపారం లేదు. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసు (1995), లీలావతి కీర్తిలాల్ మెహతా ట్రస్ట్ కేసు (2019) తీర్పుల్లో సుప్రీంకోర్టు కొనుగోలు వెనకున్న ఉద్దేశం ఏమిటన్నదే చూడాలంది, లాభార్జనతో దానికి సంబంధం ఉండాలంది. డబ్బు తీసుకుని శిక్షణ ఇచ్చినా, అది మీ సొంత స్వయం ఉపాధి మాత్రమే అయితే వినియోగదారు హోదా పోదు. కానీ ఒకటి సరిచూసుకోండి. వ్యాయామ యంత్రాల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 20957లో ఏడో భాగం రోయింగ్ మెషీన్లది. అందులో ఇంటి వాడకానికి ‘హెచ్’, జిమ్ములకు ‘ఎస్’ అని తరగతులున్నాయి. మీ మెషీన్ లేబుల్ మీద హెచ్ ఉంటే, దాన్ని అపార్ట్‌మెంట్ జిమ్‌లో పెట్టి నలుగురితో వాడించడం వారంటీకి నిజంగానే ముప్పు.

ఆర్బిట్రేషన్ షరతు చూసి భయపడకండి. అది వినియోగదారు ఫిర్యాదుకు అడ్డు రాదని ఎమ్మార్ ఎంజీఎఫ్, అఫ్తాబ్ సింగ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ‘మా ఊరి కోర్టులోనే’ అన్న షరతు ఉన్నా, మీరు ఉండే చోటి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేసే హక్కు సెక్షన్ 34 ఇస్తోంది. ఇక్కడో చిన్న మెలిక. ఆ షరతులే అన్యాయమైన ఒప్పందమని ప్రకటించమని మాత్రం జిల్లా కమిషన్‌ను అడగకండి. ఆ అధికారం రాష్ట్ర కమిషన్ దగ్గర మొదలవుతుంది. అత్యుత్సాహంతో ఆ ఒక్క కోరిక చేర్చి, కేసు ఎక్కడ వేయాలన్న దగ్గరే ఏడాది పోగొట్టుకున్నవాళ్లున్నారు.

గాయానికి సంబంధించిన కాగితాలు ఇప్పుడే సర్దుకోండి. ఎక్స్‌రే, బిల్లులు, పనికి వెళ్లలేని రోజులకు సెలవు లేదా ఆదాయం పోయినట్టు ఆధారం, ఫిజియోథెరపీ రసీదులు అన్నీ కావాలి. వీటన్నిటికన్నా ముఖ్యం, ఆసుపత్రి కేసు షీటులో ప్రమాదం ఎలా జరిగిందని రాశారో చూడండి. ‘ఇంట్లో జారిపడ్డారు’ అని ఉంటే సంస్థ లాయరు దాన్నే పట్టుకుంటాడు. అలా ఉంటే డాక్టరును అడిగి, మెషీన్ మీంచి పడినట్టు మీరు చెప్పిన వివరంతో ఒక సర్టిఫికెట్ తీసుకోండి. మెషీన్ మానిటర్‌లో నమోదైన వ్యాయామాల వివరాలను కూడా ఫొటో తీయండి. ప్రమాదం జరిగిన రోజున వ్యాయామం మధ్యలో ఆగినట్టు అందులో కనిపించవచ్చు. చాట్‌లు, ఈమెయిళ్లు ప్రింటు తీసి దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌ (సాక్ష్య చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ జత చేయండి. కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పాటించవు గానీ, జత చేస్తే అభ్యంతరానికి తావుండదు.

ముందు సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కీ ఫోన్ చేయవచ్చు. కొన్ని సంస్థలు అక్కడే దిగివస్తాయి, గాయం ఉన్న కేసుల్లో మాత్రం నాకు అంత ఆశ లేదు. ఆ తర్వాత 15 రోజుల గడువిచ్చి నోటీసు, దానికీ కదలకపోతే వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు. ఏ కమిషన్‌కు వెళ్లాలో, ఫీజెంతో నిర్ణయించేది వస్తువుకు మీరు చెల్లించిన ధర, మీరు అడిగే పరిహారం కాదు. ధర 50 లక్షల దాకా జిల్లా కమిషనే, 5 లక్షల దాకా ఫీజు లేదు. స్టాపర్ బిగించారా లేదా అన్నది తేల్చడానికి నిపుణుడితో తనిఖీ చేయించమని అడగండి. ప్రతివాది 30 రోజుల్లో జవాబివ్వాలి, అదనంగా ఇవ్వగలిగేది 15 రోజులే. అది దాటితే తీసుకునే అధికారం కమిషన్‌కు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కేసు మూడు నెలల్లో, తనిఖీ అవసరమైతే ఐదు నెలల్లో ముగించాలని చట్టం అంటుంది. వాస్తవంలో అంతకన్నా ఎక్కువే పడుతుందనుకుని ఓపిక పట్టండి. మీరు మాత్రం ఆలస్యం చేయొద్దు, ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.

కింది ఫ్లాట్ వాళ్ల విషయం మీ కేసుతో ముడిపెట్టకండి. ఫ్యాన్ రకం మెషీన్ల హోరు కన్నా సీటు చక్రాల అదురే స్లాబులోంచి కిందికి ఎక్కువ దిగుతుంది. మందపాటి రబ్బరు మ్యాటు వేసి, రెయిల్‌నీ చక్రాలనూ తుడిచి ఉంచితే చాలావరకు తగ్గుతుంది. అసోసియేషన్ నియమావళిలో వేళలు ఉంటే అవి మీకు వర్తిస్తాయి. లేకపోయినా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వాడకపోవడం మేలు, శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి సమయం అదే. వాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లి ఇంజంక్షన్ (వాడకం ఆపమనే ఉత్తర్వు) అడగవచ్చు గానీ, పగటిపూట అరగంట వ్యాయామాన్ని భరించలేని ఉపద్రవంగా నిరూపించడం వాళ్లకు తేలిక కాదు. ఎలాగూ కేసు తేలేదాకా ఆ మెషీన్‌ని మీరు వాడరు కాబట్టి, ఆ మాట రాతపూర్వకంగా వాళ్లకు చెప్పేయండి.