గుడిగంట ఉచితమే, పేరు చెప్పాలి

ప్రశ్న: మా లఘుచిత్రంలో ఫ్రీసౌండ్ నుంచి దించుకున్న వాన చప్పుడు, గుడిగంట, బీబీసీ సౌండ్ ఎఫెక్ట్స్ సైటులోని రైలుకూత వాడాం. యూట్యూబ్‌లో పెట్టి యాడ్స్ ఆన్ చేస్తాం. డిస్క్రిప్షన్‌లో ‘సౌండ్స్: ఫ్రీసౌండ్’ అని రాస్తే చాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చాలదు. ఫ్రీసౌండ్ ఎవరెవరో చప్పుళ్లు ఎక్కించే వెబ్‌సైటు, గిడ్డంగి లాంటిది. హక్కు ఆ చప్పుడు రికార్డు చేసి ఎక్కించినవారిది, లైసెన్సు కూడా ఏ ఫైలుకు ఆ ఫైలుకే. అక్కడ ప్రధానంగా కనిపించేవి మూడు క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సులు, అంటే హక్కుదారు ముందే ఇచ్చేసే అనుమతులు. సీసీ జీరో అయితే పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు. అట్రిబ్యూషన్ అయితే డబ్బు సంపాదించుకోవచ్చు గానీ పేరు చెప్పి తీరాలి. నాన్‌కమర్షియల్ అని ఉంటే యాడ్స్ పెట్టే వీడియోలో వాడకండి.

అట్రిబ్యూషన్ ఫైలుకు ఇలా రాయండి: ‘ఫైలు పేరు, ఎక్కించినవారి యూజర్‌నేమ్, ఫైలు పేజీ లింకు, సీసీ బై 4.0, మొదటి 5 సెకన్లు కత్తిరించాం’. సీసీ బై అంటే అట్రిబ్యూషన్ లైసెన్సే, 4.0 దాని వెర్షన్. కొన్ని పాత ఫైళ్లు 3.0 మీద ఉంటాయి, పేజీలో ఏది ఉంటే అదే వేయండి. దించుకున్న ఫైలు పేరు మార్చొద్దు. దాని మొదట్లో ఉండే నంబరు, పక్కనే యూజర్‌నేమ్ తర్వాత వెతుకులాట తప్పిస్తాయి. క్రెడిట్ లేకుండా ఇప్పటికే అప్‌లోడ్ చేసేశారా? 4.0 లైసెన్సులో తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే హక్కు మళ్లీ వస్తుంది.

రైలుకూత మాత్రం తీసేయండి. బీబీసీ ఆ శబ్దాలను ఉచితంగా ఇచ్చేది సొంత వాడకానికి, చదువుకు, పరిశోధనకే. యాడ్స్ వీడియోకు విడిగా లైసెన్సు కొనాలి. కాజీపేట జంక్షన్ పక్కనే ఉండగా ఆ ఖర్చెందుకు?

గుడిగంట ఫైలును హెడ్‌ఫోన్స్‌తో ఒకసారి వినండి. వెనక మైకులో సినిమాపాటో, క్యాసెట్ భక్తిగీతమో వినిపిస్తే ఆ పాట హక్కు వేరేవారిది. ఎక్కించినవారు సీసీ జీరో అని పెట్టినంత మాత్రాన అది మీకు రాదు.

అన్నీ సరిగ్గా ఉన్నా కంటెంట్ ఐడీ (రిజిస్టరైన శబ్దాలతో పోల్చిచూసే యూట్యూబ్ యంత్రం) నుంచి క్లెయిమ్, అంటే ‘ఇది మాది’ అనే అభ్యంతరం, రావచ్చు. అదే వాన చప్పుడును ఎవరో తమ పాటలో కలిపి రిజిస్టర్ చేసి ఉంటారు, యంత్రానికి రెండూ ఒకటే. డిస్ప్యూట్ వేసి ఫైలు లింకు, లైసెన్సు పేరు రాయండి. అవతలివారికి 30 రోజుల గడువు ఉంటుంది, ఈలోగా స్పందించకపోతే క్లెయిమ్ పోతుంది. దించుకున్న రోజే లైసెన్సు పేజీని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఒరిజినల్ ఫైలు పక్కనే దాచుకోండి.