యూరప్‌లో అడుగు కనిపించే నీళ్లు చూడాలంటే: నేనైతే స్లొవేనియాకే వెళ్లమంటాను

మీరు అడిగింది ఇది: షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) మీద పది రోజుల ప్రయాణం, మీ ఇద్దరితో పాటు ఎనిమిదేళ్ల పాప, ముగ్గురిలో ఎవరికీ ఈత రాదు. అడుగున ఉన్న రాయి కూడా కనిపించేంత తేటనీళ్లు యూరప్‌లో ఎక్కడున్నాయి, ఫొటోల్లో కనిపించే ఆ రంగులు నిజమేనా అని.

నేను పదకొండేళ్లుగా మ్యూనిక్‌లో ఉంటున్నాను. సెలవు దొరికితే నీళ్లున్న చోటికే వెళ్తాను. నన్నడిగితే పది రోజుల్లో అయిదు దేశాలు తిరగకండి. స్లొవేనియాలో ఆరు రోజులు, క్రొయేషియాలో నాలుగు రోజులు ఉండండి. స్లొవేనియాలో బోహిన్ సరస్సు, సోచా నది. క్రొయేషియాలో ప్లిట్విట్సే సరస్సులు, ఓపిక ఉంటే ఒక సముద్ర దీవి. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా కూడా షెంగెన్‌లో చేరింది, కరెన్సీ కూడా యూరోనే. కాబట్టి ఒకే వీసా, ఒకే డబ్బు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికి వీసా దరఖాస్తు చేయాలన్న నియమం మాత్రం మరచిపోవద్దు.

ముందుగా రంగు సంగతి. రంగు వేరు, తేట వేరు. ఆల్ప్స్‌లో మంచునదుల నుంచి పుట్టే సరస్సులు కొన్ని పాలలో నీలం కలిపినట్టుంటాయి. మంచునది కింద రాయి పిండిలా నలిగి ఆ నీటిలో తేలుతూ ఉంటుంది. వెలుగు ఆ రేణువుల మీద పడి చెదిరి మనకు ఆ రంగు కనిపిస్తుంది. చూడటానికి అద్భుతం, కానీ చెయ్యి మోచేతిదాకా ముంచితే వేళ్లు కనిపించవు. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి. మీరు అడుగు కనిపించాలి అన్నారు గనుక మంచునదుల సరస్సులను పక్కన పెట్టి, సున్నపురాయి కొండల నీటిని వెతకాలి. స్లొవేనియా పడమటి కొండలు దాదాపు అన్నీ ఆ రాయే.

ఈ సంగతి నాకు బాగా అర్థమైంది 2022 సెప్టెంబరులో, మా అమ్మ వల్ల. అమ్మది కోనసీమలో కాలువ పక్క ఊరు. మాతో మూడు నెలలు ఉండటానికి వచ్చింది. బోహిన్ తీసుకెళ్లాం. రిబ్చెవ్ లాజ్ అనే చోట రాతి వంతెన, దాని పక్కనే పాత చర్చి. సరస్సు నీరు బయటికి వెళ్లి సావా బోహిన్‌కా నదిగా మారేది అక్కడే. అమ్మ వంతెన పిట్టగోడ మీద చేతులు పెట్టి కిందికి చూసి, చాలాసేపు మాట్లాడలేదు. చేపలు గాలిలో వేలాడుతున్నట్టు ఉన్నాయి. ఒక్కో చేప నీడ దానికి రెండు జానల కింద, తెల్లటి గులకరాళ్ల మీద విడిగా కదులుతోంది. చివరికి అమ్మ అడిగిన మాట: “ఇంత నీటికి చిల్లగింజ ఎవరు వేశార్రా?”

ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు కాలువ నీళ్లు కుండలో పోసి, లోపలి అంచుకు చిల్లగింజ అరగదీసేవారు. తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగి పైన నీరు తేరుకునేది. అమ్మ చిన్నతనమంతా ఆ నీళ్లే తాగింది.

మర్నాడు పొద్దున పడవ అద్దెకు తీసుకున్నాం. బోహిన్‌లో పర్యాటకుల కోసం కరెంటుతో నడిచే పడవ ఒకటి తిరుగుతుంది, అది తప్ప మోటారు పడవలు ఉండవు, మిగిలినవన్నీ తెడ్డు పడవలే. అమ్మ టిఫిన్ క్యారియర్‌లో పులిహోర తెచ్చింది. తినడం అయ్యాక ఖాళీ గిన్నె చెవులకు బట్టలు ఆరేసే నైలాను తాడు కట్టి నీటిలోకి వదలమని మా అబ్బాయికి ఇచ్చింది. తాను తాడును బారలతో కొలుస్తూ వదిలింది. ఒక బార, రెండు, మూడు. గిన్నె తళతళ తగ్గి పచ్చగా మారింది, కానీ దాని చెవులు కూడా కనిపిస్తూనే ఉన్నాయి. నాలుగు బారలకు తాడు అయిపోయింది. గిన్నె మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉంది. నాలుగు బారలంటే ఆరు మీటర్ల పైమాటే.

అమ్మకు తెలియదు గానీ, శాస్త్రజ్ఞులు నీటి తేటను కొలిచే పద్ధతి ఇదే. ఆంజెలో సెక్కి అనే ఇటలీ మతాచార్యుడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు 1865లో పోప్ నౌక మీద నుంచి మధ్యధరా సముద్రంలోకి తెల్లటి పళ్లేన్ని తాడుతో దింపి, ఎంత లోతులో కంటికి కనిపించకుండా పోతుందో కొలిచాడు. ఇవాళ్టికీ ప్రపంచమంతా సరస్సుల దగ్గర ఆ పళ్లెంతోనే కొలుస్తారు, ఆయన పేరుతోనే పిలుస్తారు.

అమ్మ ప్రశ్నకు జవాబు తర్వాత చదివి తెలుసుకున్నాను. అక్కడ చిల్లగింజ పని చేసేది సున్నమే. కొండల్లో నీరు రాతి పగుళ్లలోంచి దిగుతూ సున్నాన్ని కరిగించుకుంటుంది. వేసవిలో నీరు వెచ్చబడి, నాచు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటున్నప్పుడు ఆ సున్నం సన్నటి రేణువులుగా విడిపోయి అడుక్కి జారుతుంది. జారేటప్పుడు నాచుకు తిండి అయిన ఫాస్ఫరస్‌ను కూడా పట్టుకుపోతుంది. తిండి లేని నాచు పెరగదు, నీరు పచ్చబడదు. పైన పెద్ద ఊళ్లు, ఎరువులు వేసే పొలాలు లేకపోవడం కూడా కలిసొచ్చింది. ఇది విని అమ్మ, “అయితే పాపం ఈ నీళ్లలో సారం లేదన్నమాట” అంది. నిజమే. మన గోదావరి ఒండ్రు మోసుకొచ్చి కోనసీమనే కట్టింది. తేటగా ఉండే నీటికి ఆ బలం ఉండదు. గోదావరిని చూసి ఎవరైనా బురద నది అంటే అప్పటి నుంచి నేను ఊరుకోవడం లేదు.

ఇక ప్రయాణం వివరాలు. బ్లెడ్ సరస్సును అందరూ చూస్తారు, మీరూ ఒక పూట చూడండి. మధ్యలో దీవి, దీవి మీద చర్చి. బస మాత్రం బోహిన్ దగ్గర తీసుకోండి. రెండింటికీ మధ్య పాతిక కిలోమీటర్లే, బస్సులు తిరుగుతుంటాయి. మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్, ఫిలాఖ్ మీదుగా లుబ్లియానా వెళ్లే రైలు లెస్సే-బ్లెడ్ స్టేషన్‌లో ఆగుతుంది. మీ పాపకు బోహిన్ ఒడ్డే మేలు. చాలా చోట్ల నీరు మోకాలి లోతులో గులకరాళ్ల మీద ఉంటుంది, వేసవి చివర ఒంటికి ఓర్చుకునేంత వెచ్చగానూ ఉంటుంది. సవిత్సా జలపాతానికి మెట్లెక్కి వెళ్లండి. సరస్సుకు నీరు వచ్చేది ప్రధానంగా అక్కడి నుంచే. కొండ కడుపులోంచి నేరుగా 78 మీటర్లు కిందికి దూకుతుంది.

బోహిన్ నుంచి సోచా లోయకు రెండు దారులు. ఒకటి 1,611 మీటర్ల ఎత్తున ఉన్న వ్రిషిచ్ కనుమ, యాభై మలుపుల దారి. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్ యుద్ధఖైదీల చేత వేయించారు. 1916 మార్చిలో మంచుచరియ పడి అక్కడ చాలామంది చనిపోయారు, వారి జ్ఞాపకంగా కట్టిన చెక్క చర్చి దారి పక్కనే ఉంది, తప్పక ఆగండి. రెండోది రైలు. 1906లో తెరిచిన ఆరు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం కొండను తొలుచుకుని అవతలికి వెళ్తుంది. పిల్లలకు కడుపులో తిప్పే అలవాటు ఉంటే రైలే మంచిది.

సోచా గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. పచ్చను కరిగించి పోసినట్టు ఉంటుంది, అయినా అడుగున ప్రతి రాయీ లెక్కపెట్టవచ్చు. ట్రెంటా లోయలో పుట్టి, దాదాపు 140 కిలోమీటర్లు నడిచి, ఇటలీలో ఇజోంజోగా పేరు మార్చుకుని సముద్రంలో కలుస్తుంది. 1915 నుంచి 1917 వరకు ఈ నది ఒడ్డున పన్నెండు యుద్ధాలు జరిగాయి. కొబారిద్‌లోని మ్యూజియంలో ఆ చరిత్ర చూసి బయటికి వచ్చి నీళ్లను చూస్తే మనసు ఎలాగో అయిపోతుంది. కొబారిద్ నుంచి వేలాడే వంతెన దాటి కోజ్యాక్ జలపాతం దాకా నడవండి, పాప కూడా నడవగలదు. ఊరు దాటి పైకి వెళ్తే నది పుట్టిన చోటు నుంచి ఒడ్డు వెంట పాతిక కిలోమీటర్ల కాలిబాట ఉంది. అంతా నడవనక్కర్లేదు, వేలాడే వంతెనలున్న ఒక ముక్క ఎంచుకుంటే చాలు.

ఇక్కడ నా తప్పులు రెండు చెప్పాలి. 2018లో మొదటిసారి మే నెలలో వెళ్లాను. కొండ మీద మంచు కరుగుతోంది, వానలు కూడా పడ్డాయి. నది బూడిద కలిపినట్టు ఉరుకుతోంది. రెండు రోజులు ఎదురుచూసి వెనక్కి వచ్చేశాను. అందుకే ఆగస్టు చివర లేదా సెప్టెంబరు మొదట్లో వెళ్లండి అంటున్నాను. అప్పుడు కూడా పెద్ద వాన పడితే ఒకటి రెండు రోజులు ఆగండి, నది మళ్లీ తేరుకుంటుంది. ఆ రోజుల్లో మ్యూజియం చూసుకోవచ్చు.

రెండోది దయచేసి జాగ్రత్తగా చదవండి, మీకు ఈత రాదు గనుక. మరుసటి ఏడాది మా బావమరిదితో వెళ్లాను. బండ మీద నిలబడి, “మోకాలి లోతే బావా” అని కాలు దింపాడు. ఛాతీ దాకా మునిగాడు. చల్లదనానికి ఊపిరి పట్టేసింది, మాట రాలేదు. కాళ్ల కింద పాకుడు. బండ పట్టుకుని ఉండగా నేనూ, పక్కన ఉన్న ఇంకొకాయనా చేతులు పట్టి లాగాం. నిట్టనిలువుగా చూస్తేనే నాలుగడుగుల నీరు మూడడుగుల్లా కనిపిస్తుంది, వాలుగా చూస్తే ఇంకా తక్కువ. బురద నీరైతే లోతు తెలియదని మనం భయపడతాం. తేటనీరు లోతు తెలిసినట్టే నమ్మిస్తుంది. కాబట్టి సోచాలో పాపను చెయ్యి వదలకండి, కర్రతో లోతు చూడకుండా అడుగు వేయకండి. గులకరాళ్ల ఒడ్డున కూర్చుని పాదాలు ముంచుకోండి. నేను మూడుసార్లు ప్రయత్నించాను, ఒక నిమిషం మించి పాదాలు ఉంచలేకపోయాను.

క్రొయేషియాలో ప్లిట్విట్సేకు జాగ్రెబ్ నుంచి బస్సు ఉంది, రెండు రెండున్నర గంటలు. మెట్లు మెట్లుగా పదహారు సరస్సులు, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి నీరు దూకుతూ ఉంటుంది. 1979 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. ఆ సరస్సులకు కట్టలు ఎవరో కట్టినవి కావు. నీటిలోని సున్నం నాచు మీద పేరుకుని, రాయిగా మారి, అడ్డుకట్టలా పెరిగింది. ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. ఒక కట్ట దగ్గర వంగి చూశాను: పైన పచ్చటి తడి నాచు, దాని కాడలకు తెల్లటి పొర, ఇంకా కింద అదే కాడ ఆకారంలో గట్టి రాయి. మూడు దశలూ అరచేయి వెడల్పులో ఉన్నాయి. అందుకే అక్కడ నీళ్లలో దిగడం పూర్తిగా నిషేధం. ఒక్క అడుగు పడితే ఏళ్ల తరబడి పేరుకున్నది విరిగిపోతుంది. చెక్క బాట దాటి కాలు పెట్టవద్దు, పాపకు ముందే చెప్పండి. టికెట్లు సమయం ప్రకారం ఇస్తారు, వేసవిలో ముందే కొనుక్కోండి. పొద్దున మొదటి వేళకు వెళ్తే జనం తక్కువ, గాలి కూడా ఉండదు, నీటి మీద అలలు లేనప్పుడే అడుగు బాగా కనిపిస్తుంది.

సముద్రం కావాలంటే స్ప్లిట్ నుంచి ఓడలో రెండు గంటల పైచిలుకు వెళ్తే విస్ దీవి. యుగొస్లావియా సైన్యపు స్థావరంగా ఉండి 1989 దాకా విదేశీయులను రానివ్వలేదు, అందువల్ల పెద్ద హోటళ్లు అంతగా లేచి నిలబడలేదు. అక్కడి తీరం చాలావరకు ఇసుక కాదు, గులకరాళ్లు. అల వచ్చినా లేచే మట్టి లేదు గనుక నీరు కలగదు. కానీ రాళ్ల సందుల్లో నల్లటి ముళ్ల ఉండల్లాంటి ప్రాణులు ఉంటాయి, ముల్లు గుచ్చుకుంటే లోపలే విరుగుతుంది. ముగ్గురికీ రబ్బరు అడుగున్న నీటి చెప్పులు కొనండి, ఒడ్డు ఊళ్లలో ప్రతి దుకాణంలోనూ దొరుకుతాయి. పది రోజుల్లో ఇది ఇరుకవుతుందనిపిస్తే దీవిని వదిలేయండి, బోహిన్‌లో ఇంకో రెండు రోజులు ఉండండి.

తిండికి ఇబ్బంది లేదు. శాకాహారులైతే స్లొవేనియాలో ష్ట్రుక్లి అడగండి, పిండిలో తాజా జున్ను చుట్టి ఉడికిస్తారు. వంటగది ఉన్న బస తీసుకుంటే అన్నం వండుకోవచ్చు. టిఫిన్ క్యారియర్ ఒకటి పెట్టెలో పడేయండి, నాలుగైదు బారల తాడు కూడా. మీ పాప చేతికిచ్చి, గిన్నె ఎన్ని బారల దాకా కనిపించిందో వచ్చాక ఇక్కడే రాయండి, మా అమ్మకు చదివి వినిపిస్తాను.