ఏటిలోంచి రక్షిస్తాడు?

సందేహం: మాస్టారూ, నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, వీధిలో రెండూ. రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక మా ఆరేళ్ళ బాబుకీ నాలుగేళ్ళ పాపకీ బైబిలు కథ ఒకటి చెప్పి పడుకోబెడతాను. మొన్న "యేసయ్య మనల్ని రక్షిస్తాడు" అన్నాను. "ఏటిలోంచి?" అన్నాడు బాబు. మా అత్తగారు "ఏటిలోంచి కాదురా, పాపంలోంచి" అన్నారు. "పాపం, ఎవరికి?" అన్నాడు వాడు. ఆ రాత్రి ప్రార్థన నవ్వుల్లో కలిసిపోయింది. రక్షణ అంటే పోలీసులు ఇచ్చేది, మోక్షం అని చెప్పు అంటారు మామయ్యగారు. పక్కింటి ఒడియా విశ్వాసులు పరిత్రాణ అంటారు. మా చెల్లెలేమో "సేవ్ అవ్వడం అని చెప్పక్కా, పిల్లలకి అదే తెలుస్తుంది" అంటుంది. ఏ మాట చెప్పాలి? ఏది సరైన తెలుగు?

సమాధానం: తల్లీ, ఆ రాత్రి మీ ఇంట్లో వ్యాకరణం ఎరిగి మాట్లాడినవాడు మీ బాబు ఒక్కడే. కళింగాంధ్ర నోట్లో "ఏమిటి" నలిగి "ఏటి" అయింది. ఏఱుకి ఔపవిభక్తికరూపమూ, అంటే విభక్తి చేరేముందు ఆ మాట మారే రూపమూ, "ఏటి"యే. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఊళ్ళో, అందులోనూ వానాకాలంలో, "ఏటిలోంచి" అనగానే మీ అత్తగారికి ఏరే గుర్తు రావడంలో వింత లేదు. వాడు అడిగింది మాత్రం "దేనిలోంచి" అని. మీ ఊళ్ళోనే ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) ఆ "ఏటి"ని వింటే మురిసిపోయేవారు. దిద్దడానికి నేనెవర్ని?

రక్షించడం అన్నాక దేని నుంచో తేలాలి. "భీత్రార్థానాం భయహేతుః" అన్నాడు పాణిని. భయపడటం, కాపాడటం అనే అర్థాలున్న ధాతువులు వచ్చినప్పుడు ఆ భయానికి కారణమైనది అపాదానం, దానికి పంచమి, అంటే మన "నుంచి", "వలన". మన చిన్నయసూరి కూడా 1858 నాటి బాలవ్యాకరణంలో "వలన" వచ్చే అర్థాలను వరస పెడుతూ అందులో "త్రాణ"ను కలిపాడు. మీ పక్కింటివారి పరిత్రాణలో ఉన్నది ఈ త్రాణే. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ మత్తయి సువార్త తెరిచి 1:21 చూడండి: "తన ప్రజలను వారి పాపములనుండి ఆయనే రక్షించును గనుక ఆయనకు యేసు అను పేరు పెట్టుదువనెను." పంచమి ఎంత శుభ్రంగా కూర్చుందో చూశారా? యేసు అన్న పేరుకి మూలమైన హెబ్రీ మాటలోనే రక్షించడమనే ధాతువు ఉంది కాబట్టి ఆ వాక్యం ఒకరకంగా వ్యుత్పత్తి పాఠం కూడా. దేవదూత నిరుక్తం చెప్పిన చోట మనం విభక్తి ఎగ్గొడితే ఎలా?

కానీ ఎగ్గొడుతున్నారు. "నేను రక్షణ పొందాను", "మా వాడు మొన్న కూటాల్లో రక్షింపబడ్డాడు" అంటారు. దేని నుంచో చెప్పరు. చెప్పే పెద్దలకు లోపల తెలిసే ఉంటుంది, కాదనను. వినే ఆరేళ్ళవాడికి ఎలా తెలుస్తుంది? వాడికి "రక్షణ పొందడం" అంటే రేషన్ కార్డు పొందడం లాంటిదే. పైగా ఆ "బడ్డాడు" ఒకటి. తెలుగువాడు "అన్నం తినబడింది" అనడు కదా, మనిషిని మాత్రం రక్షింపబడనిస్తాడు. గ్రంథంలో ఉన్న చోట అది ఉండనివ్వండి, నేను జోక్యం చేసుకోను. పిల్లల పక్క మీద మాత్రం "యేసయ్య కాపాడాడు" అని కర్తను ముందు నిలబెట్టి చెప్పండి.

ఇక్కడ నన్ను కాసేపు నా దారిన పోనివ్వండి. రక్షణ అన్న మాట తలుచుకున్నప్పుడల్లా నాకు నీళ్ళే కనిపిస్తాయి. రామాయణం ఉత్తరకాండలో ఒక ముచ్చట ఉంది. బ్రహ్మ నీళ్ళను సృష్టించి, వాటిని చూసుకోమని ప్రాణులను పుట్టించాడట. "రక్షామః", కాపాడతాం, అన్నవాళ్ళు రాక్షసులయ్యారు. "యక్షామః" అన్నవాళ్ళు యక్షులయ్యారు. రాక్షసుడు మొదట నీటి కాపలాదారు అన్నమాట! పురాణ వ్యుత్పత్తి, శాస్త్రం ఒప్పుకోకపోవచ్చు. అయినా ఎంత బాగుంది.

ఆ తర్వాత పోతన. భాగవతం మీ ఇంట్లో చదివే పుస్తకం కాకపోవచ్చు. అందులోని తెలుగు మాత్రం మీదీ మాదీ. మడుగులో మొసలి ఏనుగు కాలు పట్టింది. వెయ్యేళ్ళు పెనుగులాడి, బలమంతా పోయాక ఏనుగు నోట వచ్చిన పద్యం "లావొక్కింతయు లేదు". దాని చివరి పాదం ఇది:

"రావే యీశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!"

మూడే మూడు క్రియలు. మొదటిది "రావే". దూరంగా ఉన్నవాణ్ణి ముందు రమ్మనాలి. రెండోది "కావవే", అచ్చ తెలుగు. మూడోది "సంరక్షించు", సంస్కృతం. రెండో మాటకీ మూడో మాటకీ నిఘంటువులో పెద్ద తేడా లేదు. మరి రెండూ ఎందుకు? ఒకసారి పైకి చదవండి. "రావే, కావవే" అన్నప్పుడు ఊపిరి చిన్నది, నీళ్ళు మింగుతూ అన్నట్టు ఉంటుంది. "సంరక్షించు" దగ్గరికి వచ్చేసరికి ఉన్న ఊపిరంతా పోసి ఒక్క పెద్ద కేక. ఆపద వచ్చినప్పుడు నోట ముందు వచ్చేది ఇంటి మాట, దాని వెనక నేర్చుకున్న మాట. పదిహేనో శతాబ్దపు కవికి ఇది తెలుసు. ఈనాటి అనువాదకులకు గుర్తు చేయాల్సి వస్తోంది.

ఇప్పుడు మీ గ్రంథంలోకే రండి. మత్తయి 14వ అధ్యాయం. పేతురు నీళ్ళ మీద నడవబోయి, గాలి చూసి భయపడి మునిగిపోతూ "ప్రభువా, నన్ను రక్షించుము" అని కేక వేశాడు. "వెంటనే యేసు చెయ్యిచాపి" పట్టుకున్నాడు. గ్రీకు మూలంలో అక్కడ ఉన్నది "సోజో" అనే క్రియ. మీ సంఘంలో రక్షణ అని పెద్ద మాటగా చెప్పే "సోతేరియా" దాని బంధువే. ఆ క్రియ ఇంకో చిత్రం కూడా చేసింది. లూకా 7:50లో "నీ విశ్వాసము నిన్ను రక్షించెను" అన్నచోటా, మార్కు 5:34లో రక్తస్రావం తగ్గిన స్త్రీతో "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అన్నచోటా గ్రీకులో ఒకటే మాట. తెలుగు చేసినవాళ్ళు సందర్భం చూసి రెండు మాటలు వేశారు. తప్పనను. అయితే మునిగేవాణ్ణి లాగడం, జబ్బు తగ్గించడం, పాపం నుంచి విడిపించడం ఆ మాటకు ఒకే పని అన్న సంగతి తెలుగులో చెదిరిపోయింది. కథ చెప్పే తల్లి దాన్ని మళ్ళీ కలిపి చెప్పుకోవచ్చు.

"అయితే మాస్టారూ, పేతురూ పంచమి వాడలేదు, ఏనుగూ వాడలేదు కదా" అని మీరు నన్ను పట్టుకోవచ్చు. నిజమే. మునిగేవాడికి పంచమి అక్కర్లేదు, నీళ్ళు గొంతుదాకా వచ్చాయి కాబట్టి. ఒడ్డున కూర్చుని కథ వినేవాడికి కావాలి. మీ బాబు ఒడ్డున ఉన్నాడు, అందుకే అడిగాడు.

మామయ్యగారి సంగతి. రక్షణ అంటే పోలీసులని ఆయన ఊరికే అనలేదు. తెలుగువైపు ఠాణా బోర్డు మీద రక్షకభట నిలయం అని ఉంటుంది, మీవైపు ఒడియాలో పోలీసులను ఆరక్షీ అంటారు. రెంటిలోనూ ఉన్నది ఆ ధాతువే. ప్రభుత్వాలు ఆ మాటకు యూనిఫారం తొడిగేశాయి. తొడగకముందు అది తల్లుల మాట. పసిబిడ్డకు నీళ్ళు పోసి, ఆఖరి చెంబు దిగదుడిచి, "శ్రీరామరక్ష" అని నుదుట చెయ్యి వేసే ముసలమ్మలను మీరూ చూసే ఉంటారు. ఆ బిడ్డకు రక్షరేకు కట్టేవాళ్ళు కూడా ఆ ముసలమ్మలే. మీ మతం వేరైనా, చెయ్యి వేసే తీరు వేరు కాదు. ఇక ఆయన చెప్పిన మోక్షం. దాని అసలు అర్థం విడుదల, అంతే. పోతన "గజరాజ మోక్షణంబు" అన్నది ముందు మొసలి నోటి నుంచి విడుదలనే. కానీ ఇవాళ తెలుగు చెవికి మోక్షం అంటే మళ్ళీ పుట్టకపోవడం. లేదా ఆఫీసులో ఫైలుకి రావలసినది. క్రైస్తవ బోధలో పునర్జన్మ లేదు. మోక్షం అని మొదలుపెడితే, బాబుకి ముందు పునర్జన్మ నేర్పి, ఆనక అది లేదని చెప్పాలి. పాత క్రైస్తవ కీర్తనల్లో ముక్తి కనిపిస్తుంది కాబట్టి మోక్షాన్ని బొత్తిగా వెలివేయమని నేననను. పెద్దయ్యాక వాడే కలుసుకుంటాడు.

విమోచన మోక్షానికి తోబుట్టువు, ధాతువు ఒకటే. మార్కు 10:45లో "విమోచన క్రయధనము" ఉంది. తాకట్టు గాజులు డబ్బు కట్టి విడిపించుకోవడం చూసిన పిల్లలకు అది ఇట్టే తెలుస్తుంది.

పరిత్రాణం మనకు పరాయిది కాదు. గీతలో "పరిత్రాణాయ సాధూనాం" వినని తెలుగువాడు అరుదు. అంతకంటే దగ్గరి సాక్ష్యం మీ ప్రాంతంలోనే ఉంది. పురుషోత్తము చౌదరి (1803–1890) ఒడియాకూ తెలుగుకూ నడుమ బతికిన కవి, పర్లాకిమిడి గాలి పీల్చినవాడు. ఆయన రాసిన "త్రాహిమాం క్రీస్తు నాథ" అన్న కీర్తన మీ అత్తగారికి నోటికి వచ్చే ఉంటుంది. త్రాహి అంటే కాపాడు. పరిత్రాణలో ఉన్న ధాతువే అది. మీ పిల్లలు బడి స్నేహితుల ఇంట్లో పరిత్రాణ విని వస్తే బెదరకుండా, "మన మామ్మ పాడే త్రాహి ఇదేరా" అని చెప్పండి. సరిహద్దు ఊళ్ళో పుట్టినవాళ్ళకు దొరికే సుఖం ఇది. హైదరాబాదు పిల్లలకు ఎక్కడిది?

మీ చెల్లెలిగారి సేవ్ దగ్గర మాత్రం నాకు కొంచెం కోపం వచ్చింది. ఫోనులో ఫోటో సేవ్ అవుతుంది. మనిషి సేవ్ అయితే ఏ ఫోల్డర్లో వెతకాలి? పిల్లలకు తెలిసిన మాట అంటున్నారు, తెలిసింది గనకే ప్రమాదం. వాడికి తెలిసిన అర్థమే మనసులో పడుతుంది.

"పాపం, ఎవరికి?" అన్న ప్రశ్న కూడా కొట్టిపారేసేది కాదు. తెలుగులో పాపం అన్నది చేసిన తప్పుకూ మాటే, ఎదుటివాడి మీద జాలికీ మాటే. ఆ జాలి పాపం వాడు రోజుకు పదిసార్లు వింటాడు, ఆ తప్పు పాపం ప్రార్థనలో ఒక్కసారి. కొన్నాళ్ళు "తప్పు చేయడం" అనండి. చెల్లెలి బొమ్మ విరగ్గొట్టి మంచం కింద దాచినప్పుడు లోపల గుబులుగా ఉంటుంది చూడు, ఆ గుబుల్లోంచి, ఆ తప్పులోంచి అని చెప్పండి. వేదాంతంగా ఇది చాలదని మీ పాస్టరుగారు అనవచ్చు. ఆ తగాదాలో నేను లేను, నాది మాటల వరకే.

ఇంతకీ ఏ మాట? నన్నడిగితే పిల్లలకు ముందు "కాపాడు". కాపు కాయడం, కాపరి, కావలి అంతా ఒక కుటుంబం. పోతన "కావవే" కూడా అందులోదే. (కాయ కాచే కాచు వేరు, పాలు కాచే కాచు వేరు.) "యెహోవా నా కాపరి" అన్న కీర్తన వాళ్ళకు ఎలాగూ నేర్పుతారు, కాబట్టి కాపాడడం నుంచి కాపరికి దారి ఉంది. వెంటనే కాకపోయినా ఒక ఏడాదిలో "రక్షించు" కూడా చెవిన పడుతూ ఉండాలి. ఎందుకంటే రేపు వాడు చదవబోయే తెలుగు బైబిలంతా ఆ మాట మీదే ఉంది. తిమోతికి రాసిన రెండో పత్రికలో "రక్షణార్థమైన జ్ఞానము" ఇచ్చే లేఖనాలను అతడు బాల్యం నుంచి ఎరుగునని ఉంది కదా. అతనికి ముందు విశ్వాసం ఉన్నవాళ్ళని అక్కడ పేర్లు చెప్పింది అవ్వ లోయి, తల్లి యునీకే అని. మీ ఇంట్లోనూ అవ్వా తల్లీ ఉన్నారు. ఏ మాట ముందు, ఏ మాట వెనక అన్నది వాళ్ళ నోళ్ళే తేల్చాలి. నేను ఇంతకు మించి గట్టిగా చెప్పను. ఏది చెప్పినా "దేని నుంచి" మాత్రం మింగేయకండి.

ఒక పని చేయండి. ఈసారి పేతురు కథ చెప్పండి. చెయ్యి చాపి పట్టుకున్నాడు అన్నప్పుడు మీరూ వాడి చెయ్యి పట్టుకోండి. "ఏటిలోంచి?" అంటే ఈసారి అత్తగారు కూడా "సముద్రంలోంచి" అని ధైర్యంగా చెప్పవచ్చు.

మరొక్క చిక్కు ఉంది, ముందే చెబుతున్నాను. లూకా 7:50లో ఆ వాక్యం "సమాధానము గలదానవై వెళ్లుము" అని ముగుస్తుంది. అక్కడ సమాధానం అంటే మనశ్శాంతి. బాబు "సమాధానం అంటే ఏటి?" అని అడిగినప్పుడు మాత్రం ఈ శీర్షిక చూపించకండి.