క్యూబా పాత కార్లు చూడాలంటే గ్రూపుతో వెళ్ళండి, ఒక పూట మాత్రం షెడ్డులో కూర్చోండి

ప్రశ్న ఇది: "అమెరికాలో ఉంటున్నాం. పాత కార్లంటే ఇష్టం. సాంస్కృతిక మార్పిడి పేరుతో క్యూబా తీసుకెళ్ళే గ్రూపు టూర్లు డబ్బుకి తగ్గవేనా, లేక మనంతట మనం వెళ్ళడమే మేలా?"

గ్రూపుతోనే వెళ్ళండి. నేను 2024 ఫిబ్రవరిలో పద్నాలుగు మందితో వెళ్ళొచ్చాను. మాది విజయవాడ, పటమట. నాన్నగారు ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు మెకానిక్ షెడ్డు నడిపారు. నేను డెట్రాయిట్ దగ్గర బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుని. కాబట్టి ఈ ప్రశ్నకి జవాబు చెప్పే అర్హత నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటున్నాను. క్యూబా వెళ్తున్నానని ఫోన్ చేస్తే నాన్న చెప్పిన మొదటి మాట కార్ల గురించి కాదు. "1992లో మన సీపీఎం నాయకుడు సుర్జీత్ గారు వాళ్ళకి ఓడలో పదివేల టన్నుల గోధుమలు పంపించారురా, మా యూనియన్లో నేనూ యాభై రూపాయలిచ్చా" అన్నారు. అప్పటికి సోవియట్ యూనియన్ కూలిపోయి క్యూబాలో తిండికే కటకటగా ఉండేదట.

ముందు నియమాల సంగతి. పాస్‌పోర్టు ఇండియాదే కదా, అమెరికా ఆంక్షలు మనకెందుకు అని మన వాళ్ళు చాలామంది అంటుంటారు. అది తప్పు. అమెరికాలో ఉంటున్న ఎవరికైనా అవి వర్తిస్తాయి. సరదాగా చూసి రావడానికి వెళ్తున్నానంటే కుదరదు. అనుమతి ఉన్న పన్నెండు రకాల కారణాల్లో ఏదో ఒకటి ఉండాలి. ఈ గ్రూపు యాత్రలు అందులో ఒక రకం కిందికి వస్తాయి. టూరు నడిపే సంస్థ అమెరికాది కావాలి, వాళ్ళ మనిషి వెంట ఉండాలి, రోజంతా స్థానికులతో కలిసే కార్యక్రమాలుండాలి. ఈ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందనుకోవద్దు. 2019 జూన్‌లో మూసేశారు, 2022 జూన్‌లో మళ్ళీ తెరిచారు. బయలుదేరే నెలలో ఏ నియమం ఉందో ఆ నెలలోనే చూసుకోండి. ఒంటరిగా వెళ్ళడానికి వేరే దారులున్నాయి, కానీ స్పానిష్ రాకుండా వెళ్తే మీరు చూసేది గులాబీ రంగు కార్లు మాత్రమే.

ఆ గులాబీ కార్ల మీద నాకు ఫిర్యాదుంది. హవానాలో పార్కె సెంత్రాల్ దగ్గర టాపు లేని షెవర్లేలు, బ్యూక్‌లు, ఫోర్డులు తళతళలాడుతూ వరసగా నిలబడి ఉంటాయి. మేం వెళ్ళినప్పుడు గంటకి యాభై డాలర్లు. ఎక్కుతారు, టోపీ పెట్టుకుంటారు, సముద్రం పక్కన మలెకోన్ రోడ్డు మీద ఒక చుట్టు, వీడియో, దిగిపోతారు. యూట్యూబ్‌లో మన తెలుగు వ్లాగర్లు పెట్టేవన్నీ అవే. "టైమ్ ఆగిపోయిన దేశం" అని ఒక టైటిల్. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అక్కడ టైమ్ ఆగిపోలేదు. ఉప్పుగాలికి ఆ బండ్ల కింద రేకు రోజూ తుప్పు పడుతోంది. వైజాగ్ బీచ్ రోడ్డులో ఇల్లున్న వాళ్ళని అడగండి, బైకు సైలెన్సర్ ఎన్నాళ్ళకి పోతుందో చెబుతారు. మలెకోన్‌లో గోడ దాటి అల రోడ్డు మీద పడుతుంది. అక్కడ డెబ్బై ఏళ్ళ కారు తిరుగుతోందంటే ఎవరో ఒకరు ప్రతి నెలా దాని కింద పడుకుని పనిచేస్తున్నారని అర్థం.

మా గ్రూపులో ఎక్కువమంది మిషిగన్, ఒహాయో నుంచి వచ్చిన రిటైరైన పెద్దవాళ్ళు. కార్ల చరిత్ర వాళ్ళకి కంఠస్థం. మలెకోన్ మీద నడుస్తుంటే కారు రేసర్ ఫాంజియో కథ చెప్పారు. ఐదుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన ఆయన్ని 1958 ఫిబ్రవరిలో, సరిగ్గా రేసు ముందురోజు, లింకన్ హోటల్లోంచి కాస్ట్రో వర్గం వాళ్ళు ఎత్తుకుపోయారు. రేసు అయ్యాక మర్యాదగా వదిలేశారు. ఆయన లేకుండానే రేసు నడిపితే ఒక ఫెరారీ జనంలోకి దూసుకుపోయి మనుషులు చనిపోయారు. ఆ రోడ్డు మీదే నిలబడి ఇలాంటివి వినడం గ్రూపుతో వెళ్ళినందుకు దక్కిన లాభం. ఇంట్లో కూర్చుని చదివితే ఆ రోడ్డు ఎలా ఉంటుందో తెలియదు.

కానీ ఒక విషయంలో వాళ్ళతో నాకు అస్సలు పడలేదు. బానెట్ ఎత్తిన ప్రతిచోటా "ఒరిజినల్ కాదు" అని పెదవి విరిచేవాళ్ళు. పైన 1955 షెవర్లే, లోపల హ్యుందాయ్ డీజిల్ ఇంజన్. ఇంకోదానిలో టొయోటా. స్టీరింగ్ లాడా అనే సోవియట్ కారుది. సీటు కవర్లు ఎవరో ఇంట్లో కుట్టినవి. మాలో ఒక పెద్దాయనకి డెబ్బై రెండేళ్ళు, జీవితమంతా ఫ్యాక్టరీలకి డైలు అనే అచ్చులు, పనిముట్లు చేసిన చేయి. ఇంటి గరాజ్‌లో ఆయనకి సొంత 1955 షెవర్లే ఉంది, ప్రతి బోల్టూ ఫ్యాక్టరీదే. ఏడాదికి ఎన్ని మైళ్ళు నడుపుతారని అడిగాను. వంద దాటదన్నారు. హవానాలో అదే మోడల్ బండి రోజుకి అంత తిరుగుతుంది.

ఐదో రోజు మధ్యాహ్నం మమ్మల్ని సెర్రో అనే పేటలో ఒక మెకానిక్ ఇంటికి తీసుకెళ్ళారు. షెడ్యూల్‌లో అది "నలభై ఐదు నిమిషాలు, స్థానిక చేతివృత్తులతో పరిచయం" అని ఉంది. తర్వాత సల్సా డాన్సు క్లాసు. ఇంటి పక్క సందులో రేకుల పందిరి, నేల మీద నల్లటి గ్రీజు, గోడకి వరసగా పానాలు. లోపలికి అడుగుపెట్టగానే ఆ వాసనకి నాకు ఆటోనగర్ గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు. దుబాసీ అమ్మాయి ఆయన్ని "మాయెస్త్రో" అని పిలిచింది. నాకు మాత్రం చెవికి "మేస్త్రీ" అనే వినిపించింది. మన మేస్త్రి అన్న మాట పోర్చుగీసు "మెస్త్రె" నుంచి వచ్చిందంటారు. స్పానిష్ మాట దానికి తోబుట్టువే. నాన్నని షెడ్డులో అందరూ పిలిచే పిలుపు అదే. అక్కణ్ణుంచి నేను కూడా ఆయన్ని మేస్త్రీ అనే పిలిచాను, ఆయన పలికారు.

ఆయన ముందు 1952 షెవర్లే ఉంది. వాళ్ళ తాతగారు కొన్నదట. ముందు చక్రం దగ్గర బ్రేకు ఆయిల్ కారుతోంది. బ్రేకు తొక్కితే ఆయిల్ ఒత్తిడితో చక్రాన్ని పట్టించే వీల్ సిలిండర్ విప్పి చూపించారు. లోపల గోడంతా తుప్పు తిని గుంటలు పడిపోయింది. మా కంపెనీలో అయితే చెత్తబుట్టలో వేసి కొత్తది తీస్తాం. ఇక్కడ కొత్తది లేదు. ఆ కారుకి సరిపోయే రబ్బరు కప్పులూ దొరకవు. దొరికేవి లాడావి, అవి సైజులో చిన్నవి. అందుకని ఆయన ఆ సిలిండర్‌ని బోరు చేసి, పాత నీళ్ళ పంపు నుంచి తీసిన కంచు ముక్కని లేత్ మీద తిప్పి లోపల స్లీవ్, అంటే గొట్టం లాంటి తొడుగు, వేస్తున్నారు. ఆ స్లీవ్ లోపలి సైజు లాడా రబ్బరుకి సరిపోయేలా పెట్టుకున్నారు. దొరకని రబ్బరు కోసం వెతక్కుండా, దొరికే రబ్బరుకి తగ్గట్టు ఇనుమునే మార్చుకున్నారన్నమాట. పదహారేళ్ళుగా బ్రేకుల పని చేస్తున్నాను, నాకు ఆ ఆలోచన తట్టేది కాదు.

వెంటనే ఒక అనుమానం వచ్చింది. బోరు చిన్నదైతే ఆ చక్రం మీద పట్టు తగ్గుతుంది, బ్రేకు తొక్కగానే బండి రెండో వైపుకి లాగేస్తుంది. అది అడిగాను. దుబాసీ అమ్మాయికి ఆ ప్రశ్న తర్జుమా చేయడం రాలేదు. నేను రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకున్నట్టు చేసి ఒక పక్కకి ఒరిగాను. ఆయన నవ్వి, నా భుజం పట్టుకుని బండికి అటువైపు తీసుకెళ్ళి, చక్రం వెనక వేలు పెట్టి చూపించారు. ఆ వైపు కూడా అదే సైజు స్లీవ్, ముందే వేసి ఉంది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. లేత్ మెల్లగా తిరిగి ఆగింది. స్లీవ్ ఇంకా రవ్వంత బిగువుగానే ఉంది. అక్కడ కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేరు. 2012లో మన పరిశ్రమలకి పవర్ హాలిడేలు ఇచ్చినప్పుడు నాన్న షెడ్డు బయట స్టూలు వేసుకుని కూర్చునేవారు, ఆ దృశ్యం నాకు కళ్ళ ముందు కదిలింది. మేస్త్రి మాత్రం స్టూలు ఎక్కలేదు. చీపురు కర్రకి ఎమ్రీ కాగితం చుట్టి, వెలుతురు కోసం గుమ్మంలో కూర్చుని, స్లీవ్ లోపల తిప్పుతూ రుద్దడం మొదలుపెట్టారు. పది తిప్పులు, గుడ్డతో తుడవడం, చిటికెన వేలు లోపలికి పెట్టి చూడడం. మళ్ళీ పది తిప్పులు. వెర్నియర్ మీద గీతలు చదవడానికి చేయి దూరంగా పెట్టి, కళ్ళు చికిలించి చూస్తున్నారు. ఆయన కళ్ళజోడు ఒక అద్దం పగిలిపోయి బల్ల మీద ఉంది.

ఒరిజినల్ కాదని అన్నాళ్ళుగా సణుగుతున్న మా పెద్దాయన వెళ్ళి ఆయన పక్కన గుమ్మంలోనే కూర్చున్నారు. తన దగ్గర చూపు కళ్ళజోడు తీసి ఇచ్చారు. ఒకరికి స్పానిష్ రాదు, ఇంకొకరికి ఇంగ్లీషు రాదు. ఆ ఇద్దరూ గంటసేపు ఆ కంచు ముక్కని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుంటూ, వేలితో తడుముతూ, తలలూపుకుంటూ పని ముగించారు. రబ్బరు కప్పు నూనె రాసి బొటనవేలితో నెడితే మెత్తగా లోపలికి జారింది. సల్సా క్లాసు ఎగిరిపోయింది. టూరు మేనేజరు గడియారం చూపిస్తూ తిరుగుతుంటే ఎవరూ కదల్లేదు. కళ్ళజోడు మా పెద్దాయన వెనక్కి తీసుకోలేదు. ఆ రాత్రి భోజనం దగ్గర ఆయనకి మెనూ నేనే చదివిపెట్టాను.

టూరు కంపెనీలకి నేను చెప్పేది ఒక్కటే: డాన్సు క్లాసులు, చుట్టల ఫ్యాక్టరీ, ఉపన్యాసాలు తగ్గించి ఇలాంటి షెడ్డులో ఒక రోజంతా వదలండి. మీరు బుక్ చేసేముందు షెడ్యూల్ అడిగి, అందులో మెకానిక్ షెడ్డు ఎన్ని గంటలుందో చూడండి. నలభై ఐదు నిమిషాలే ఉంటే వేరే కంపెనీ చూసుకోండి.

అక్కడ ఆ కార్లు అంతగా ఎందుకు మిగిలాయో కూడా తెలుసుకుని వెళ్ళండి. 1960 అక్టోబరులో అమెరికా ఎగుమతులు చాలావరకు ఆపేసింది, 1962 ఫిబ్రవరిలో పూర్తి ఆంక్షలు పెట్టింది. కొత్త కార్లు, స్పేర్ పార్టులు ఆగిపోయాయి. మరోవైపు వాళ్ళ ప్రభుత్వం కూడా 2011 దాకా విప్లవానికి ముందు వచ్చిన కార్లని మాత్రమే జనం స్వేచ్ఛగా అమ్ముకోనిచ్చింది. 2014లో కొత్త కార్లు అమ్మకానికి పెడితే ఒక పూజో 508 ధర రెండు లక్షల అరవై వేల డాలర్ల పైమాట. ఎవరు కొంటారు? అందుకే తాత కారే మనవడికి జీవనాధారం. టూరిస్టులు ఎక్కని పాత కార్లని అల్మెంద్రోన్‌లంటారు, అంటే పెద్ద బాదం పప్పు. అవి మన షేర్ ఆటోల్లాగే ఒకే దారిలో తిరుగుతాయి. రోడ్డు పక్క నిలబడి చేత్తో సైగ చేస్తే, ఏ దారికో ఆ సైగని బట్టే డ్రైవరుకి తెలుస్తుంది. ఒకసారి ఎక్కండి. డీజిల్ పొగకి కళ్ళు మండుతాయి, మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి, కానీ పక్కనున్నవాళ్ళు మీతో మాట్లాడతారు.

ఇదంతా చూశాక నాకు మన మీద బాధ కలిగింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఆ బండిని కళ్ళు మూసుకుని విప్పి బిగించగల మేస్త్రీలు ఆటోనగర్‌లో వందల మంది ఉండేవాళ్ళు. ఇవాళ నాన్న వయసు వాళ్ళు పోతే ఆ పని చెప్పేవాళ్ళుండరు. బండ్లు తూకానికి అమ్ముడుపోయాయి. మిగిలినవాటికి పాలిష్ పెట్టి వింటేజ్ ర్యాలీకి ట్రక్కు మీద ఎక్కించి తీసుకొస్తున్నారు. క్యూబా మేస్త్రీలకి సాటి రాగలవాళ్ళు ప్రపంచంలో మన ఆటోనగర్ మేస్త్రీలే. ఈ మాట ఎవరితోనైనా వాదిస్తాను.

శాకాహారులైతే ఒక జాగ్రత్త. అన్నం, నల్ల చిక్కుళ్ళు కలిపి వండేది చూడ్డానికి మన తిండిలాగే ఉంటుంది, కానీ అందులో చాలాసార్లు పంది మాంసం వేస్తారు, అడిగి తినండి. ఉడికించిన కర్రపెండలం మీద వెల్లుల్లి పోసి ఇస్తారు, అదీ అడిగి తినండి, చాలా బాగుంటుంది. అమెరికా బ్యాంకుల కార్డులు అక్కడ పనిచేయవు, వారానికి సరిపడా నగదు పట్టుకెళ్ళాలి. నొప్పి మాత్రలు, దగ్గర చూపు కళ్ళజోళ్ళు నాలుగైదు జతలు పెట్టుకోండి. స్పేర్ పార్టులు తీసుకెళ్ళాలనుకుంటే ఏవి తేవచ్చో టూరు వాళ్ళని ముందే అడగండి.

తిరిగొచ్చాక నాన్నకి వీడియో కాల్‌లో ఆ స్లీవ్ పని రికార్డు చూపించాను. కళ్ళజోడు పైకి తోసుకుని రెండుసార్లు చూశారు. "రెండో వైపు కూడా అదే సైజు వేశాడా?" అని అడిగారు. వేశాడని చెప్పాక ఫోన్ అమ్మకిచ్చారు.