పసివాడు పాడుచేసిన సామాన్లు, తిరిగి రాని అడ్వాన్సు

ప్రశ్న: సామాన్లతో సహా అద్దెకు తీసుకున్న ఇంట్లో రెండేళ్లున్నాం. అప్పటికి ఏడాదిన్నర వయసున్న మా బాబు సోఫా మీద పెన్నుతో గీశాడు, బొమ్మ విసిరి టీవీ తెర పగలగొట్టాడు. పసివాడికేం తెలుసని ఎంత బతిమాలినా యజమాని వినలేదు, కొత్త సామాన్ల ఖరీదు లెక్కగట్టి అడ్వాన్సు మొత్తం ఉంచేసుకున్నారు. ఇల్లు ఖాళీచేసి రెండేళ్ల తొమ్మిది నెలలైంది. ఎప్పుడు అడిగినా ఫోనులో ‘చూద్దాం’ అంటున్నారు. చేరిననాటి తేదీతో, సోఫా అప్పటికే పాడై ఉందని జాబితా రాసి బంధువుతో సాక్షి సంతకం పెట్టించమని తెలిసినవారు అంటున్నారు. పెట్టించవచ్చా?

జవాబు: బాబు వయసు ఈ తగాదాను తేల్చదు. ఏడేళ్లలోపు పిల్లల చేష్ట నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ చెబుతుంది గానీ, ఒప్పందం మీద సంతకం చేసినది మీరు. అప్పగించిన వస్తువును మామూలు వివేకం గల మనిషి తన సొంత వస్తువులాగే జాగ్రత్తగా చూసుకోవాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ కోరుతుంది. పెన్ను పిల్లవాడికి అందేచోట ఎందుకుందన్న ప్రశ్నకు మీరే జవాబు చెప్పాలి.

అసలు తేల్చేది, మీరు చేరిన రోజున ఆ సామాన్లు ఏ స్థితిలో ఉన్నాయన్నది. ‘అన్నీ మంచి స్థితిలో ఉన్నవి’ అన్న కాగితం మీద చూడకుండా సంతకం చేసి ఉంటే అది మీ నిర్లక్ష్యమే. అయినా పాత సోఫాకు కొత్త సోఫా ఖరీదు రాదు. నష్టం జరిగితే అడ్వాన్సు మొత్తం జప్తు అని ఒప్పందంలో ఉన్నా, అదే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు సహేతుకమైన పరిహారమే ఇప్పిస్తుంది. టీవీ నష్టాన్ని ఒప్పుకుని, మిగతాది అడగండి.

ఆ దొంగ జాబితా మాత్రం రాయకండి. కోర్టులో వాడేందుకు తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. సంతకం చేసిన బంధువూ మీతోపాటు ఇరుక్కుంటారు. దానికి బదులు చేరిన కొత్తలో ఆ సోఫా మీద బాబును కూర్చోబెట్టి తీసిన ఫొటోలు వెతకండి. వెనక చిరుగో మరకో కనిపిస్తే అదే మీ సాక్ష్యం. ఫొటో తీసిన ఫోనును అమ్మకండి, అందులోని అసలు ఫైలును చెరపకండి. ప్రింట్లు దాఖలు చేసేటప్పుడు 2023 నాటి సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, అవి ఆ ఫోనులోని ఫైలు నుంచే వచ్చాయని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి.

అన్నిటికన్నా నన్ను కలవరపెడుతున్నది మీరు పోగొట్టుకున్న కాలం. అడ్వాన్సు కోసం దావా వేయడానికి గడువు మూడేళ్లు. దాన్ని తాళాలు అప్పగించిన రోజు నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. అంటే మీకు మిగిలింది మూడు నెలలు. ఫోనులో అన్న ‘చూద్దాం’ గడువును పొడిగించదు. 1963 నాటి కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ ప్రకారం, గడువు ముగియకముందే బాకీని ఒప్పుకుంటూ యజమాని రాతపూర్వకంగా సంతకం చేసి ఇస్తేనే కొత్త గడువు మొదలవుతుంది. లీగల్ నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు కూడా.

ఈ వారమే న్యాయవాది ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, టీవీ నష్టం మినహాయించి ఎంత రావాలో అందులో రాయించండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే దావా వేయండి. రాజీ మాటలు ఆ తరువాత కూడా సాగించవచ్చు. దావా లోక్ అదాలత్‌లో పరిష్కారమైతే కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు.