రెండేళ్లే ఉన్న హెల్‌హ్యామర్‌లో అంత ఏముంది?

కొన్నాళ్లే ఉండి తర్వాత వచ్చినవాళ్లందరి మీదా ముద్ర వేసిన ఎక్స్‌ట్రీమ్ మెటల్ (మెటల్ సంగీతంలో మరీ మోటైన, తీవ్రమైన రకం) బ్యాండ్ ఏది, అందరూ హెల్‌హ్యామర్ పేరే చెప్తున్నారు గానీ వింటే వాళ్లకి వాయించడమే రాదనిపిస్తోంది, అందులో అంత ఏముంది అని అడిగారు. నా సమాధానం కూడా హెల్‌హ్యామరే. చాలా ఏళ్లుగా వింటున్నాను, హైదరాబాద్‌లో స్నేహితుల బ్యాండ్‌లో రిథమ్ గిటార్ వాయించే రోజుల్లో వాళ్ల పాటలు కూర్చుని నేర్చుకున్నాను కూడా, కాబట్టి వినేవాడిగానూ వాయించేవాడిగానూ చెప్పగలను. వాళ్లకి వాయించడం పెద్దగా రాదన్న మాట నిజమే. కానీ తమకి ఎలాంటి శబ్దం కావాలో మాత్రం వాళ్లకి చాలా స్పష్టంగా తెలుసు, ఆ రోజుల్లో ఎంతో బాగా వాయించే బ్యాండ్‌లకి కూడా లేని స్పష్టత అది. నన్ను అడిగితే అసలు విషయమంతా అక్కడే ఉంది.

ఇది 1982లో స్విట్జర్లాండ్‌లో, జ్యూరిక్ దగ్గర న్యూరెన్స్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్లో మొదలైంది. మొదలుపెట్టింది టామ్ గాబ్రియేల్ ఫిషర్, మెటల్ వినేవాళ్లకి టామ్ వారియర్ అంటే తెలుస్తుంది. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఇంట్లో పరిస్థితులు బాగా లేవని, ఊళ్లో తోటి పిల్లలు విపరీతంగా ఏడిపించేవాళ్లని ఆయనే తర్వాత ఇంటర్వ్యూల్లో దాచుకోకుండా చెప్పాడు. ఇంగ్లండ్ నుంచి వెనమ్, మోటర్‌హెడ్, పంక్ వైపు నుంచి డిశ్చార్జ్ రికార్డులు వింటూ, అంతకంటే మోటుగా, అంతకంటే చీకటిగా ఏదైనా చేయాలని పట్టుబట్టిన కుర్రాడు. బేస్ గిటార్ మీద మొదట స్టీవ్ వారియర్ ఉండేవాడు, 1983 చివర్లో ఆ చోటికి మార్టిన్ ఎరిక్ ఐన్ వచ్చాడు. ఐన్ వయసు అప్పుడు పదహారు. డ్రమ్స్ బ్రూస్ డే.

రిహార్సల్స్ బిర్క్‌విల్ అనే పక్క ఊళ్లో ఒక బంకర్‌లో జరిగేవి. అణుయుద్ధం వస్తే జనం తలదాచుకోవడానికని కోల్డ్ వార్ కాలంలో స్విట్జర్లాండ్ అంతటా భవనాల కింద కాంక్రీటు షెల్టర్లు కట్టారు కదా, అలాంటి చోటు. వాళ్ల డెమోల్లో (ఆల్బమ్‌కి ముందు సొంతంగా రికార్డ్ చేసుకునే క్యాసెట్లు) వినిపించే ఆ మూసుకుపోయిన, గాలి ఆడని శబ్దం విన్నప్పుడల్లా నాకు ఆ గోడలే గుర్తొస్తాయి. 1983లో ట్రయంఫ్ ఆఫ్ డెత్ డెమో, అదే ఏడాది డిసెంబర్‌లో శాటానిక్ రైట్స్ డెమో వచ్చాయి. ఈ రెండూ వరసగా వింటే ఒకటి తెలుస్తుంది, ఆ ఆర్నెల్లలోనే చెయ్యి ఎంత కుదిరిందో, ఆలోచన ఎంత ముదిరిందో. వాయించడం రానివాళ్లు అని కొట్టిపారేసేవాళ్లు ఈ తేడా ఒక్కసారి వింటే బాగుండు.

1984 మార్చిలో వెస్ట్ బెర్లిన్ వెళ్లి, నాయిస్ రికార్డ్స్ అనే కంపెనీ కోసం అపోకలిప్టిక్ రెయిడ్స్ అనే ఈపీ (ఆల్బమ్ కంటే చిన్న రికార్డు) రికార్డ్ చేశారు. నాలుగే పాటలు. అదే ఏడాది నాయిస్ వాళ్లు డెత్ మెటల్ అనే పేరుతోనే కొన్ని బ్యాండ్‌ల పాటలు కలిపి ఒక కంపైలేషన్ వేశారు, అందులో రన్నింగ్ వైల్డ్, హెలోవీన్, డార్క్ అవెంజర్‌ల పక్కన హెల్‌హ్యామర్ పాటలు కూడా రెండున్నాయి. చక్కగా పాడే, చక్కగా వాయించే జర్మన్ బ్యాండ్‌ల మధ్య వీళ్ల పాట మొదలయ్యేసరికి రికార్డే మారిపోయిందేమో అనిపిస్తుంది.

ఇక పాటల సంగతి. ఈపీలో ట్రయంఫ్ ఆఫ్ డెత్ అనే పాట ఉంది, దాదాపు తొమ్మిదిన్నర నిమిషాలు. 1984లో అందరూ ఎవరు ఎక్కువ వేగంగా వాయిస్తారా అని పోటీ పడుతుంటే వీళ్లు ఇంత నిదానంగా, ఒక రిఫ్‌ని (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) పట్టుకుని ఈడ్చుకుంటూ వెళ్లారు. సోలోలతో మెప్పించాలన్న తాపత్రయం లేదు, రాగం అనదగ్గది లేదు, మధ్యమధ్యలో ఫిషర్ మాటలు వదిలేసి నొప్పితో మూలుగుతున్నట్టు, ఏడుస్తున్నట్టు అరుస్తాడు. అది పాడటం కాదు, నటన కూడా కాదు. రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌లో వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. తర్వాత డూమ్, డెత్-డూమ్ అని పిలిచిన నిదానమైన, బరువైన మెటల్ సంగీతమంతటికీ ఇందులో ఒక మొలక కనిపిస్తుందని నేను నమ్ముతాను.

వాయించి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. మేం జామ్ రూమ్‌లో మెసయ్య పాట ఎత్తుకున్నప్పుడు, నోట్స్ పట్టుకోవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు, గిటార్ కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా వాయించగలిగే పవర్ కార్డులే అవి. కానీ పాట మాత్రం రావట్లేదు. మా డ్రమ్మర్ మంచి చెయ్యి ఉన్నవాడు, రెండు కాళ్లతో డబుల్ బేస్ డ్రమ్ గంటలు గంటలు ఆడగలడు, అయినా ప్రతిసారీ నాలుగైదు బార్లు దాటేసరికి వేగం తనంతట తనే పెరిగిపోయేది. నేనేమో రిఫ్‌ల మధ్య ఖాళీ కనిపిస్తే ఏదో ఒక చిన్న అలంకారం పెట్టేసేవాణ్ని, వేళ్లకి అలా అలవాటు. చివరికి మెట్రోనోమ్ పెట్టుకుని, ఆంప్‌లో గెయిన్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా చేసేది) కొంచెం తగ్గించి, ప్రతి స్ట్రోక్ కిందికే కొడుతూ, కొట్టిన ప్రతి కార్డునీ అది ఆగిపోయేదాకా మోగనిచ్చి, ఆ తర్వాతే తర్వాతి కార్డుకి వెళ్లడం మొదలుపెట్టాక ఆ బరువు వచ్చింది. గదిలో ఆంప్ పక్కన పెట్టిన నీళ్ల సీసా కదలడం చూశాం ఆ రోజు. ఈ నిగ్రహం చేతగానితనం వల్ల వచ్చేది కాదు, ఖాళీని ఖాళీగా వదిలే ధైర్యం ఉంటేనే కుదురుతుంది. మీరూ గిటార్ పట్టుకునేవారైతే ఒకసారి వాయించి చూడండి, వందల మాటల్లో నేను చెప్పలేనిది అర్థమవుతుంది.

అప్పటి పత్రికలు చాలావరకు దుమ్మెత్తిపోశాయి. కానీ బ్యాండ్ ఆగిపోయింది ఆ తిట్ల వల్లే అని కొందరు రాస్తుంటారు, అలా కాదు. ఫిషర్, ఐన్ ఇద్దరికీ తాము అనుకుంటున్నదంతా హెల్‌హ్యామర్ అనే పేరుతో, ఆ అచ్చులో చేయడం కుదరదని తెలిసిపోయింది. 1984 మే చివరి రాత్రి ఇద్దరూ కూర్చుని హెల్‌హ్యామర్‌ని ముగించేసి, సెల్టిక్ ఫ్రాస్ట్ అనే కొత్త బ్యాండ్‌కి రాబోయే ఆల్బమ్‌ల పేర్లతో సహా ప్లాన్ రాసుకున్నారు. ఒకడికి ఇరవై, ఇంకొకడికి పదహారు! ఆ అక్టోబర్‌లోనే మళ్లీ బెర్లిన్‌లో మోర్బిడ్ టేల్స్ రికార్డ్ చేశారు. మార్చిలో చేసినదీ అక్టోబర్‌లో చేసినదీ పక్కపక్కన పెట్టి వినండి, అదే గొంతు, అదే గిటార్, కానీ అన్నీ బిగువుగా, తేటగా ఉంటాయి. మెటల్ చరిత్రలో ఏడు నెలల్లో ఇంత ఎదుగుదల నేనైతే ఇంకెక్కడా వినలేదు.

విచిత్రం ఏమిటంటే, ఆ పాత పేరు కొత్త బ్యాండ్‌ని చాలాకాలం వెంటాడింది, ఫిషర్ కూడా చాలా ఏళ్లు హెల్‌హ్యామర్‌ని దూరం పెట్టాడు. ఈలోగా క్యాసెట్లు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి. టేప్ ట్రేడింగ్ రోజులు కదా, కాపీకి కాపీ తీసుకుంటూ నార్వే దాకా, బ్రెజిల్ దాకా వెళ్లిపోయాయి. నార్వేలో మేహెమ్ అనే బ్యాండ్ డ్రమ్మర్ యాన్ అక్సెల్ బ్లోంబర్గ్ ఏకంగా తన స్టేజీ పేరే హెల్‌హ్యామర్ అని పెట్టుకున్నాడు (నెట్‌లో వెతికేటప్పుడు ఆయన వస్తే కంగారుపడకండి, ఆయన వేరు). అక్కడిదే డార్క్‌త్రోన్ అనే బ్యాండ్, దాని డ్రమ్మర్ ఫెన్రిజ్ ఈ స్విస్ కుర్రాళ్ల గురించి ఎప్పుడూ అభిమానంగానే మాట్లాడతాడు. బ్రెజిల్‌లో ఈపీ పేరునే కాస్త స్పెల్లింగ్ మార్చి పెట్టుకున్న బ్యాండ్ ఉంది. సెపల్టురా 2002లో, నేపామ్ డెత్ 2004లో మెసయ్యని కవర్ చేశారు. ఒకరు బ్రెజిల్ త్రాష్ నుంచి వచ్చినవాళ్లు, ఇంకొకరు ఇంగ్లండ్ గ్రైండ్‌కోర్, ఇద్దరూ వచ్చి ఆగింది ఒకే పాట దగ్గర.

బ్యాండ్‌గా ఉన్నప్పుడు హెల్‌హ్యామర్ ఒక్క కచేరీ కూడా చేయలేదు. అది తలుచుకుంటే నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది. 2008లో పాత డెమోలన్నీ శుభ్రం చేసి డీమన్ ఎంట్రెయిల్స్ పేరుతో విడుదల చేశారు, ఆ పని ఫిషర్, ఐన్, స్టీవ్ వారియర్ కలిసి చేశారు. 2017 అక్టోబర్‌లో మార్టిన్ ఐన్ గుండెపోటుతో పోయాడు, యాభై ఏళ్లకే. ఆ తర్వాత 2019 నుంచి ఫిషర్ ట్రయంఫ్ ఆఫ్ డెత్ అనే పేరుతో బ్యాండ్ కట్టి ఆ పాటల్ని వేదికల మీద వాయిస్తున్నాడు, 2023లో లైవ్ ఆల్బమ్ కూడా వచ్చింది. అరవై ఏళ్ల మనిషి తన పద్దెనిమిదేళ్ల కోపాన్ని మళ్లీ పాడుతుంటే అది పాత జ్ఞాపకం లాగా అస్సలు అనిపించదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, డెమోలతో వద్దు. ముందు మోర్బిడ్ టేల్స్ వినండి, ఆ గొంతుకి, ఆ గిటార్ టోన్‌కి చెవి అలవాటు పడుతుంది. తర్వాత వెనక్కి వచ్చి అపోకలిప్టిక్ రెయిడ్స్, ఆ పైన శాటానిక్ రైట్స్. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, కింది శబ్దమంతా పోయి ఉత్త గోల మిగులుతుంది. మీరు ఏ సెట్‌తో వింటున్నారో, ఇప్పటిదాకా ఏ బ్యాండ్‌లు నచ్చాయో కామెంట్‌లో రాస్తే, దాన్నిబట్టి ఆ తర్వాత ఎటు వెళ్లాలో చెప్తాను.